కో-ఎడ్ ఇండోర్ సాకర్ లీగ్ రూల్స్ గారికి, బరంపురం నుంచి

మహారాజశ్రీ రూల్స్ గారికి,

బరంపురం నుంచి, ఆడా మగా కలిసి హాల్లో ఫుట్‌బాల్ ఆడే మీ లీగులో రైట్ బ్యాక్ అనబడే ఒక ఆడమనిషి రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం, మోకాళ్ళ సంగతి కింద రాస్తాను. మీరు లామినేషన్ చేయించుకుని హాలు గుమ్మం పక్కన, మంచినీళ్ళ డబ్బాకి సరిగ్గా పైన వేలాడుతున్నారు కాబట్టి చెమటా దుమ్మూ అంటవు, మీ ఆరోగ్యానికి ఢోకా లేదు.

ముందు మీ పుట్టుక గురించి రెండు ముక్కలు. ఎవరో మిమ్మల్ని సగం అమెరికా నుంచి, సగం ఫుట్‌సాల్ (అయిదుగురేసి ఆడే చిన్న కోర్టు ఫుట్‌బాల్) పుస్తకం నుంచి దించి అతికించారని చదవగానే తెలిసిపోతుంది. "బంతి బోర్డుకు తగిలి వెనక్కి వస్తే ఆట కొనసాగును" అంటారు. అమెరికా వాళ్ళకి సరే, ఐస్ హాకీ రింకు మీద పచ్చ టర్ఫ్ పరిచి ఆడతారు, చుట్టూ గోడ ఉంటుంది, 1978లోనే దానికో ప్రొఫెషనల్ లీగ్ కూడా మొదలుపెట్టుకున్నారు. మాది ఒకప్పటి గోడౌను. చుట్టూ ఉన్నది వల, వల వెనక స్కూటీలు. బంతి గట్టిగా తగిలితే వెనక్కి రాదు, ఎవరిదో ఒకరి అద్దం ఊడొస్తుంది. బ్లూ కార్డు చూపిస్తే రెండు నిమిషాలు పెనాల్టీ బాక్సులో కూర్చోవాలట. బాక్సు లేదు, బ్లూ కార్డూ లేదు. రెఫరీ తన నీలం ఫోన్ కవరు పైకెత్తుతాడు, శిక్ష పడినవాడు బయట టీ బండి దగ్గరికి పోయి గ్లాసు ఖాళీ అయ్యాక వస్తాడు. ఇక బంతిని గాల్లో మూడు గీతలు దాటించకూడదనే రూలు ఒకటి. మా కోర్టుకి మధ్యలో ఉన్నది ఒకటే గీత, అదీ సగం చెరిగిపోయింది. గీతల గురించి మాకు చెప్పక్కర్లేదు లెండి, 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డప్పుడు గీసిన గీతకి ఇటు ఉండిపోయినవాళ్ళమే మేం, ఇచ్ఛాపురం నుంచి వచ్చి ఆడే కుర్రాడు నాకు వరసకి మరిది, మీ లెక్కలో మాత్రం 'బయటి రాష్ట్రం ఆటగాడు', వాడికి ఎక్స్‌ట్రా ఫీజు.

ఇవన్నీ సర్దుకుపోయాం. నగల రూలు కూడా సర్దుకున్నాం, అది మీరు పుట్టించింది కాదు, ప్రపంచమంతా ఉన్నదే, నగ ఏదైనా తీసెయ్యాలి, టేపు చుట్టినా కుదరదు. మంచి రూలే. కాకపోతే రెఫరీగారు మా చెవులు, ముక్కులు, మెడలు, బ్యాంకులో బంగారం తాకట్టు పెట్టుకునేవాడు చూసినంత శ్రద్ధగా చూసి నల్లపూసలు విప్పించి పర్సులో పెట్టిస్తారు, అవతల టీము స్ట్రైకరు మాత్రం కుడిచేతికి స్టీలు కడియం, ఎడమ చేతికి పగడం ఉంగరం పెట్టుకుని దర్జాగా తిరుగుతుంటాడు. అడిగితే అది నగ కాదు, జాతకం.

అసలు ఈ ఉత్తరం మీ నాలుగో రూలు, ఏడో రూలు గురించి. నాలుగు: "కోర్టులో ఎల్లవేళలా కనీసం ఇద్దరు స్త్రీలు ఉండవలెను, లేనిచో ప్రత్యర్థికి వాకోవర్." ఏడు: "స్త్రీ చేసిన గోల్‌కు రెండు."

నాలుగో రూలు వల్ల ఆదివారం మధ్యాహ్నం బరంపురంలో ఏం జరుగుతుందో మీకు తెలియదు, మీరు గోడ మీదే ఉంటారు కదా. ఫోన్లు మోగుతాయి. "అక్కా, సాయంత్రం ఖాళీయా? ఏం ఆడక్కర్లేదక్కా, నిలబడితే చాలు." అక్క కుదరదంటే వదినకి, వదిన కుదరదంటే ఆఫీసులో పక్క సీటు మేడమ్‌కి, ఆవిడా కాదంటే ఒడియా, తెలుగు, హిందీ మూడు భాషల్లో వాట్సాప్ గ్రూపుల్లో వేడుకోళ్ళు. ఒక టీమ్ కెప్టెన్‌కి ఎవరూ దొరక్క కొత్తగా పెళ్ళయిన భార్యని తీసుకొచ్చి లెఫ్ట్ వింగ్‌లో పెట్టాడు. చేతుల గోరింటాకు ఇంకా ఎర్రగానే ఉంది. పాపం ఆ పిల్ల రెండు హాఫ్‌లూ పెట్టినచోటే నిలబడింది, బంతి ఆమెకి ఒక్కసారి తగిలింది, అదీ వీపుకి. మ్యాచ్ అయ్యాక వాళ్ళాయన ఎంత సంతోషంగా ఉన్నాడంటే, "చూశావా, ఎంత ఈజీనో" అన్నాడు.

మీరు కనీసం ఇద్దరుండాలన్నారు, మంచిదే, కానీ వాళ్ళకి బంతి ఇవ్వాలని ఎక్కడా అనలేదు. గోల్‌కీపర్‌ని ఆ ఇద్దరిలో లెక్కపెట్టకూడదనీ అనలేదు. అందుకని ప్రతి టీమూ కనిపెట్టిన వ్యూహం ఒకటే: ఒక ఆడమనిషి గోల్‌లో, ఒక ఆడమనిషి మూలలో. మిగతా ముగ్గురు మగవాళ్ళు మధ్యలో తమలో తాము ఆడుకుంటారు. పక్క గీత దాటిన బంతిని మళ్ళీ లోపలికి తన్నే కిక్-ఇన్ నాలుగు సెకన్లలో తీసుకోవాలని ఫుట్‌సాల్ రూలు కదా, ఆ నాలుగు సెకన్లూ నేను చూస్తూ ఉంటాను. మొదటి సెకను మావాడు తలెత్తుతాడు. రెండో సెకను నన్ను చూస్తాడు. మూడో సెకను నా చుట్టూ ఎవరూ లేరని స్పష్టంగా గ్రహిస్తాడు. నాలుగో సెకను ముగ్గురు చుట్టుముట్టినవాడికే బంతి ఇస్తాడు. పోయాక నా వైపు తిరిగి, "మేడమ్, పొజిషన్ బాగుంది, అలాగే ఉండండి" అంటాడు.

అవతలివాళ్ళు ఇంకో రకం. ఎప్పుడైనా పొరపాటున బంతి నా కాలికి వస్తే అడ్డం రావాల్సినవాడు రెండడుగులు వెనక్కేసి, "ఆరామ్‌సే దీదీ" అని దారిస్తాడు. స్త్రీల మీద పురుషులు బంతి గట్టిగా కొట్టరాదని మీరు పదకొండో రూల్లో రాశారుగా, అది వాడు పూర్తిగా ఒంటపట్టించుకున్నాడు. షిన్ గార్డులు కొనిపించారు, సాక్సులు మోకాలి దాకా లాగించారు, తీరా ట్యాకిల్ చేసేవాడే లేడు. ఆ మర్యాద కంటే ఒక దెబ్బ తగిలినా నయం.

ఇలా పావుగంట, ఇరవై నిమిషాలు గడిచాక, ఆఖరి రెండు నిమిషాల్లో మావాళ్ళు ఒక గోల్ వెనకబడి ఉన్నారనుకోండి, అప్పుడు ఏడో రూలు గుర్తొస్తుంది. అయిదేళ్ళూ కనపడని మనిషి నామినేషన్ మర్నాడు వీధిలోకి వచ్చి అమ్మా, అక్కా అన్నట్టు మొదలవుతుంది చూడండి! "అక్కా, పోస్ట్ దగ్గరికి రా! అక్కా, ముందుకి!" పాస్ ఇస్తారా అంటే ఇవ్వరు, అంత టైము ఎక్కడిది. నేను పోస్ట్ దగ్గర నిలబడితే నాకేసి గురి చూసి షాట్ కొడతారు, నాకు తగిలి లోపలికి పోతే రెండు. మోకాళ్ళ సంగతి కింద రాస్తానన్నాను కదా, ఇదే. గోల్ కొట్టింది నా మోకాలు, నేల మీద కూర్చుంది నేను, భుజాల మీదకి ఎత్తింది షాట్ కొట్టినవాణ్ణి. ఆ తర్వాత అది నా మోకాలికి తగిలిందా, డిఫెండర్ పిక్కకి తగిలిందా అని పంచాయితీ. ఎవరో ఫోన్లో వీడియో తీసుంటారు, అందరూ మూగి నా మోకాలిని జూమ్ చేస్తారు. తాకింది ఆడకాలైతే రెండు, మగపిక్క అయితే ఒకటి.

మీ లెక్క ప్రకారమే ఒకటి అడుగుతాను. 2022 అక్టోబర్ 11న భువనేశ్వర్ కళింగ స్టేడియంలో అండర్-17 అమ్మాయిల వరల్డ్ కప్ మ్యాచ్‌లో అమెరికా మన మీద ఎనిమిది కొట్టింది. మీరు ఆ స్టేడియం గోడ మీద వేలాడుతూ ఉండుంటే అది పదహారు అయ్యుండేది, ఇప్పటికే ఏడ్చినవాళ్ళం, ఇంకా ఏడ్చేవాళ్ళం. అదే ఒడిశా ఎఫ్‌సీ అమ్మాయిలు 2023-24 ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచారు, ఒక గోల్‌కి ఒకటే లెక్క మీద గెలిచారు. సరే, అవి అమ్మాయిలు అమ్మాయిలతో ఆడినవి అంటారేమో. మా తెలుగు గుత్తా జ్వాల దిజుతో కలిసి లండన్ ఒలింపిక్స్‌లో బ్యాడ్మింటన్ మిక్స్‌డ్ డబుల్స్ ఆడినప్పుడు ఆమె స్మాష్‌కి రెండు పాయింట్లు ఎవరూ ఇవ్వలేదు, ఆమె అడగలేదు కూడా. కార్ఫ్‌బాల్ అని ఒక ఆట ఉంది, 1902లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక స్కూలు మాస్టారు కనిపెట్టాడు, టీముకి నలుగురు ఆడ, నలుగురు మగ. అందులో మగవాణ్ణి మగవాడు, ఆడమనిషిని ఆడమనిషి అడ్డుకోవాలి, గోల్ ఎవరు వేసినా ఒకటే. నూటపాతికేళ్ళ కిందటి మాస్టారికి తట్టింది మీకెందుకు తట్టలేదో.

చరిత్రలో మీ పూర్వీకులు ఇంకా ఘనులు. 1920 డిసెంబర్ 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్కులో 'డిక్, కెర్ లేడీస్' అనే ఆడవాళ్ళ ఫుట్‌బాల్ టీము ఆట చూడ్డానికి 53 వేల మంది వచ్చారు. మరుసటి ఏడాది డిసెంబర్‌లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ పెద్దలు కూర్చుని, ఈ ఆట ఆడవాళ్ళకి తగదు, వాళ్ళకి మన క్లబ్బుల మైదానాలు ఇవ్వొద్దు అని రాసిపారేశారు. దాదాపు యాభై ఏళ్ళు నడిచింది ఆ రాత. మీరు వాళ్ళలా గేటు వెయ్యలేదు, ఒప్పుకుంటాను. గేటు తీసి, లోపలికి పిలిచి, గ్రేస్ మార్కులు వేశారు.

ఆ గ్రేస్ మార్కుల వల్ల నష్టపోయింది నేను కాదు, నాకు ఎలాగూ ఆట అంతంతమాత్రం. మా టీములో నర్సింగ్ చదివే అమ్మాయి ఉంది, సుందర్‌గఢ్ వైపు పిల్ల, తెలుగు రాదు, నా ఒడియాకి నవ్వుతుంది. ఆమెనీ మొదట్లో తల లెక్కకే తెచ్చారు. ఎడమ కాలితో కొడుతుంది, ఎలా కొడుతుందంటే, రెండో వారం నుంచి "ఆరామ్‌సే దీదీ" అనడం మానేశారు, ఇద్దరు మగవాళ్ళు అంటిపెట్టుకుని తిరుగుతున్నారు. మొన్న ఒక మ్యాచ్ 6–3తో గెలిచాం. ఆమెవి రెండు గోల్స్, మావాళ్ళవి రెండు. మామూలు లెక్కలో చూసినా 4–3, గెలుపు మాదే. అయినా అవతలివాళ్ళు షూలు విప్పుకుంటూ ఏమన్నారో తెలుసా, "లేడీస్ డబుల్‌తో కొట్టుకుపోయారు." ఆ పిల్లకి ఆ ముక్క అర్థమవడానికి తెలుగు రానక్కర్లేదు. రెండో గోల్ ఆమె సగం కోర్టు నుంచి ఒక్కతే తీసుకెళ్ళి కొట్టింది. మీరు దానికి రెండు రాశారు, చూసినవాళ్ళు సగం కొట్టేశారు.

కాబట్టి విన్నపం ఏమిటంటే, నాలుగో రూలు ఉంచండి. అది లేకపోతే ఆ అమ్మాయికి ఫోన్ చేసేవాడే లేడు, నాకు అసలే లేడు. గోల్‌కీపర్‌ని ఆ ఇద్దరిలోంచి మినహాయించండి. ఏడో రూలు తీసెయ్యండి. పదకొండో రూలు అందరికీ వర్తింపజెయ్యండి, ఎవరూ ఎవరి మీదా కొట్టకూడదని రాస్తే సరిపోతుంది కదా, మగవాళ్ళకీ మోకాళ్ళున్నాయి. సీజన్ మొదట్లోనే ఇవన్నీ ఆర్గనైజర్లకి చెప్పాం. "రూల్స్ మారవు మేడమ్, లామినేషన్ అయిపోయింది" అన్నారు.

అయితే ఆ లామినేషన్ని నేనూ, ఆ నర్సింగ్ అమ్మాయీ కూర్చుని నెమ్మదిగా, ఒక్కో లైనూ చదివాం. కనీసం ఇద్దరు స్త్రీలు ఉండవలెను అని ఉంది. గరిష్ఠంగా ఎందరో లేదు. కనీసం ఒక పురుషుడు ఉండవలెను అని ముందువైపు లేదు, వెనకవైపూ లేదు. వచ్చే సీజన్‌కి మేం కొత్త టీము కట్టాం. అయిదుగురూ ఆడవాళ్ళే, సబ్‌స్టిట్యూట్లూ ఆడవాళ్ళే, ఆ గోరింటాకు పెళ్ళికూతురు గోల్‌కీపర్, రోజూ పొద్దున్నే ప్రాక్టీసుకి అందరికంటే ముందు ఆవిడే వస్తోంది. ఫీజు కట్టేశాం, రసీదు తీసుకున్నాం. మేం కొట్టే ప్రతి గోల్‌కీ మీ ఏడో రూలు ప్రకారం రెండేసి రాయించుకుంటాం, ఒక్కటి కూడా వదిలేది లేదు.

ఆదివారం మధ్యాహ్నం మిగతా టీముల కెప్టెన్లు ఇద్దరిద్దరిని ఎక్కడి నుంచి తెచ్చుకుంటారన్నది మీరూ మీ నాలుగో రూలూ చూసుకోండి. మా మరిది ఇప్పటికే ఇచ్ఛాపురంలో వాళ్ళ పిన్నిని అడుగుతున్నాడట, ఆవిడకి ఎక్స్‌ట్రా ఫీజు పడుతుందేమో కాస్త కనుక్కుని చెప్పండి.

ఇట్లు,
రైట్ బ్యాక్
(వచ్చే సీజన్ నుంచి సెంటర్ ఫార్వర్డ్)