ఒకరి చేను లాక్కుని మరొకరికి స్వాగతమా?

ఘనాలోని కేప్‌కోస్ట్ కోటలో మగ బానిసలను కుక్కిన నేలమాళిగ మీదే ప్రార్థనా మందిరం ఉండేది. పైన ప్రార్థనలు, కింద సంకెళ్లు. అలాంటి కోటల నుంచి బానిసలుగా అమెరికా, కరేబియన్ దీవులకు ఓడలెక్కిన వాళ్ల వారసులు తమ పెద్దలకు నివాళి అర్పించడానికి ఇప్పుడు ఘనా వస్తున్నారు. 1998లో బానిసత్వంలో బతికిన ఇద్దరి అవశేషాలు, జమైకా నుంచి ఒకరివి, న్యూయార్క్ నుంచి మరొకరివి, తెచ్చి అసిన్ మాన్సోలో, బందీలకు ఆఖరి స్నానం చేయించిన వాగు దగ్గరే ఖననం చేశారు. 2019లో తిరిగి రమ్మని ఘనా ప్రభుత్వం పిలిచింది, వేలమంది వచ్చారు. 2024 నవంబరులో ఒక్కసారే 524 మందికి పౌరసత్వం దక్కింది. ఇదంతా వాళ్ల హక్కు, అందులో రెండో మాట లేదు.

కానీ కేప్‌కోస్ట్ దగ్గరి అసెబులో జరుగుతున్నదేమిటి? తిరిగొచ్చేవారి కోసమంటూ అక్కడి సంప్రదాయ పాలకుడు (వంశపారంపర్య పెద్ద) సుమారు 5,000 ఎకరాలు కేటాయించారు. ఆ నేల మాదంటూ స్థానిక కుటుంబాలు కోర్టుకెక్కాయి. సాగు చేసుకుంటున్న భూమి పోయిందని రైతులు మొత్తుకుంటున్నారు. బలవంతాన మట్టికి దూరమైన మనుషుల జ్ఞాపకార్థం ఇంకొందరిని మట్టికి దూరం చేయడం నివాళి ఎలా అవుతుంది?

పెట్టుబడులు వస్తాయి, ఉద్యోగాలు పెరుగుతాయి అంటున్నారు సమర్థకులు. రావచ్చు. చేను పోయిన రైతుకు అందులో దక్కేదేమిటో ముందు చెప్పాలి.

ఘనాలో సుమారు 80 శాతం భూమి సంప్రదాయ పాలకుల, కుటుంబాల చేతుల్లోనే ఉంది. తరతరాలుగా దున్నుతున్నా చాలామంది దగ్గర పట్టా కాగితం ఉండదు. పాలకుడి మాటకే చెల్లుబాటు, రైతు మాటకు విలువ లేదు. భూసేకరణ నోటీసు చేతిలో పడితే ఎలా ఉంటుందో తెలిసిన తెలుగు రైతుకు ఈ బాధ విడమరచి చెప్పనక్కర్లేదు. అసెబులో ఇది చెల్లిపోతే రేపు తీరం పొడవునా ప్రతి పాలకుడూ ఇదే దారి పడతాడు. డాలర్లు పట్టుకొచ్చే చుట్టానికి ఊరి పొలం, ఊరివాడికి కోర్టు వాయిదాలు!

అట్లాంటిక్ బానిస వ్యాపారంలో తెల్ల వర్తకులకు స్థానిక పాలకుల్లోనూ కొందరు తోడు నిలిచారు. అందుకే 1999లో మరో పశ్చిమాఫ్రికా దేశం బెనిన్ అధ్యక్షుడు మాథ్యూ కెరెకూ అమెరికా గడ్డ మీద క్షమాపణ కోరారు. నోరు లేనివాడి బతుకు పైవాడు తేల్చడమే ఆనాటి పాపం. ఆ పాపానికి ప్రాయశ్చిత్తమంటూ మళ్లీ అదే చేస్తే దాన్ని ద్వంద్వనీతి అనకుండా ఇంకేమనాలి?

వివాదం తేలేదాకా అక్కడ ఒక్క ఇటుక కూడా పేర్చకూడదు. సాగుదారుల పేర్లు రాసుకుని పరిహారం చెల్లించాకే ఎవరికైనా ప్లాటు ఇవ్వాలి. ఇది సంప్రదాయ పాలకుల వ్యవహారమని ఘనా ప్రభుత్వం తప్పుకుంటే కుదరదు, పిలిచింది తానే. ప్లాటు తీసుకునేవారు కూడా నిన్నటిదాకా అందులో నాగలి పట్టినవాడు ఎక్కడున్నాడో అడగాలి. అడగకుండా పునాది తవ్వేవారికి పూర్వీకుల పేరెత్తే అర్హత లేదు.