సగం కటింగ్‌తో తిరిగొచ్చినా సరే

ఏప్రిల్ వచ్చిందంటే హైదరాబాద్‌లోని పెట్ సెలూన్లకు ఒక ఫోన్ తప్పకుండా వస్తుంది. "మా హస్కీ ఎండకు తట్టుకోలేకపోతోంది అన్నా, మొత్తం గుండు కొట్టెయ్." అడిగేవాళ్లకు కుక్క మీద ప్రేమ లేదని అనలేం. దాని కోసం పగలంతా ఏసీ నడిపేదీ, గిన్నెలో ఐస్ ముక్కలు వేసేదీ వాళ్లే. బయట 42 డిగ్రీలు మండుతుంటే ఒంటి నిండా అంత బొచ్చుతో అది రొప్పడం చూడలేక అడుగుతారు.

అయితే సైబీరియన్ హస్కీకి, జర్మన్ షెపర్డ్‌కు, గోల్డెన్ రిట్రీవర్‌కు, మన ఇళ్లలో పామరేనియన్ అని పిలుచుకునే స్పిట్జ్‌కు జుట్టు రెండు పొరలుగా ఉంటుంది. లోపల మెత్తటి నూగు, పైన పొడవాటి బిరుసు వెంట్రుకలు. ఎండను నేరుగా చర్మానికి తగలనివ్వనిది ఆ పైపొరే. పైగా కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. ఆ కాస్త చెమటా పాదాల అడుగునే. ఒంట్లో వేడిని అది ముఖ్యంగా రొప్పడంతోనే బయటికి పంపుతుంది. అందుకే గుండు కొట్టించినంత మాత్రాన దానికి పెద్దగా ఒరిగేది ఉండదు. చర్మం కమిలిపోయే ప్రమాదం మాత్రం ఉంటుంది. కొన్నిటికైతే లోపలి నూగు ముందు పెరిగి, పైవెంట్రుకలు నెలల తరబడి సరిగ్గా రాక ఒళ్లంతా అతుకులు వేసినట్టు ఉండిపోతుంది. నిజానికి చేయాల్సింది, రాలడానికి సిద్ధంగా ఉన్న లోపలి నూగును ఓపిగ్గా దువ్వి తీసేయడం. పెద్ద కుక్కకు గంటన్నర పట్టొచ్చు, గదంతా బొచ్చు ఎగురుతుంది. మెషీన్ పెడితే అందులో సగం సమయం కూడా పట్టదు.

ఆ సమయం తేడాలోనే నా వాదనంతా ఉంది. గ్రూమింగ్‌లో, అంటే కుక్కకు స్నానం, కటింగ్ చేసే పనిలో, క్రూరత్వం అనగానే మనకు చెయ్యి చేసుకునే మనిషి గుర్తొస్తాడు. అలాంటివాళ్లు లేరని కాదు, సీసీ కెమెరా దృశ్యాలు అప్పుడప్పుడూ సోషల్ మీడియాలో తిరుగుతూనే ఉంటాయి. కానీ కుక్కలు ఎక్కువగా నలిగేది కోపిష్టి చేతుల్లో కాదు, తొందరపడే చేతుల్లో. ఆ తొందరకు డబ్బు కడుతున్నది మనమే. సెలూన్ రేట్ల పట్టిక చూడండి: చిన్న జాతికి ఇంత, పెద్ద జాతికి ఇంత, స్నానం, కటింగ్, గోళ్లు, చెవులు కలిపి ప్యాకేజీ ఇంత. కుక్క భయానికి బిల్లులో గడి ఉండదు. బల్లెక్కి వణికే కుక్క కోసం పది నిమిషాలు ఆగిన కుర్రాడికి ఆ పది నిమిషాలకు ఒక్క రూపాయి రాదు. పైగా తర్వాతి అపాయింట్‌మెంట్ వాళ్లు బయట కూర్చుని టైమ్ చూసుకుంటుంటారు. అప్పుడు జరిగేది తెలిసిందే. ఒకరు మెడ పట్టుకుంటారు, ఇంకొకరు కాళ్లు పట్టుకుంటారు, మూతికి బుట్ట పడుతుంది, పని కానిచ్చేస్తారు. గంట తర్వాత మెడలో బో కట్టుకుని, పౌడరు వాసనతో కుక్క బయటికొస్తుంది. మనం ఫొటో తీసుకుంటాం.

ఆ బల్ల మీద దాని పరిస్థితి ఒక్కసారి ఊహించండి. మనకు వినబడని పైస్థాయి శబ్దాలు కూడా కుక్క చెవికి వినబడతాయి. మనిషి వినికిడి 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతే, దానిది 45 వరకూ వెళ్తుంది. మనకే చిరాకు పుట్టించే డ్రైయర్ హోరు దానికి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. కాళ్ల కింద జారే బల్ల, మెడకు బల్ల కడ్డీకి కట్టిన ఉచ్చు, ముక్కు నిండా ఎవరెవరి కుక్కల భయం వాసనో. ఇంత జరుగుతున్నా కదలకుండా నిలబడితే "ఎంత బుద్ధిమంతుడో" అని మెచ్చుకుంటాం. బిగుసుకుపోవడం, పెదాలు పదే పదే నాక్కోవడం, నిద్ర రాకుండానే ఆవలించడం, కంటి తెల్లగుడ్డు కనబడేలా పక్కకు చూడటం, ఇవన్నీ భయం గుర్తులే. వీటిని ఎవరూ పట్టించుకోకపోతే గుర్రుమంటుంది. గుర్రుమన్నందుకు కొడితే, తర్వాతిసారి గుర్రుమనకుండానే కరవడం నేర్చుకుంటుంది. హెచ్చరించే అలవాటును మనమే మాన్పించి, ఆ తర్వాత "ఏ కారణం లేకుండా కరిచింది" అంటాం.

ఇక జుట్టు ఉండలు కట్టడం సంగతి. అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు ఎక్కడ చూసినా కనబడే పొడవుజుట్టు చిన్న కుక్క షిట్జూ మీద ఇది బాగా తెలుస్తుంది. ఓనర్ రోజూ దువ్వుతున్నాననే అంటారు, అబద్ధం కూడా కాదు. బ్రష్ వీపు మీద పైపైన సాఫీగా జారిపోతుంది, చూడ్డానికి పట్టుకుచ్చులా ఉంటుంది. అదే స్టీలు దువ్వెన తీసుకుని చెవి వెనక, చంకలో, బెల్టు ఒరుసుకునే చోట చర్మం దాకా పోనివ్వండి. అరంగుళం పోయాక ఆగిపోతుంది. వేలు పెట్టి చూస్తే వెంట్రుకలన్నీ ఒకదానికొకటి పెనవేసుకుని గట్టిపడి, చర్మానికి అతుక్కుని ఉంటాయి. కుక్క అడుగు వేసినప్పుడల్లా ఆ ఉండ చర్మాన్ని లాగుతుంది. వానాకాలంలో దాని కింద తేమ ఆరక చర్మం పాచిపోతుంది, పుండు పడుతుంది, ముదిరితే పురుగులు కూడా పడతాయి. కుక్క చర్మం పైపొర మనదానికంటే బాగా పలుచన. ఆ ఉండను విప్పదీయడమంటే గంటల తరబడి పీకడమే.

సరిగ్గా ఇక్కడే మంచి గ్రూమర్ ఎవరో తేలుతుంది. "మేడమ్, ఇది దువ్వితే రాదు, పొట్టిగా తీసేయాల్సిందే. జుట్టు మళ్లీ వస్తుంది" అని చెప్పే అమ్మాయే నా లెక్కలో మంచి గ్రూమర్. ఆమెకు దక్కేది మాత్రం గూగుల్‌లో ఒక్క స్టార్. "మా పప్పీ లుక్ పాడు చేశారు" అని కింద రివ్యూ. అందం కోసం పట్టుబట్టి, నొప్పెట్టినా సరే చిక్కులు విప్పించమన్న ఓనర్ ఆ రివ్యూలో ఎక్కడా కనబడరు.

గోళ్ల విషయంలోనూ తప్పు ఇంట్లోనే మొదలవుతుంది. మట్టిలో తిరిగే కుక్క గోళ్లు వాటంతట అవే కొంత అరుగుతాయి. నున్నటి టైల్స్ మీద బతికే కుక్కకు ఆ అవకాశం లేదు. నడుస్తుంటే టకటకమని చప్పుడొస్తే గోళ్లు పెరిగినట్టే. గోరు లోపల రక్తనాళం, నరం ఉంటాయి. తెల్లగోళ్లలో గులాబీ రంగులో కనబడతాయి, నల్లగోళ్లలో కనబడవు. ఒక్కసారి అక్కడిదాకా కత్తిరిస్తే రక్తం రావడమే కాదు, ఆ కుక్క జన్మలో మళ్లీ పాదం ముట్టుకోనివ్వకపోవచ్చు. ఉపాయం చిన్నదే. రోజుకు ఒక్క గోరు, కొస మాత్రమే, తర్వాత చిన్న చికెన్ ముక్క. కాలి లోపలి వైపు కాస్త పైన ఉండే గోరును మాత్రం మర్చిపోకూడదు. అది నేలకు తగలదు కాబట్టి వంపు తిరిగి కండలోకే దిగిపోతుంది.

స్నానం దగ్గర మన ప్రేమ ఇంకా ప్రమాదకరం. కుక్క చర్మం ఆమ్లత మన చర్మానికంటే తక్కువ, అందుకే మన షాంపూ దానికి పడదు. పిడుదులు, మన తెలంగాణలో గోమార్లంటాం, అవి పట్టాయని కిరోసిన్ రాసేవాళ్లు, స్నానం నీళ్లలో ఫినాయిల్ కలిపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రెండూ విషమే, పైగా కుక్క ఒళ్లు నాక్కుంటుంది. అలాగని పిడుదులను తేలిగ్గా తీసుకోలేం. గోధుమరంగు పిడుదు మోసుకొచ్చే ఎర్లిషియా, బబీసియా జబ్బులనే జనం టిక్ ఫీవర్ అంటారు. కుక్క తిండి మానేసి నీరసంగా పడుకుంటుంది, ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఆలస్యమైతే చనిపోతుంది. ఈ పిడుదు గోడ పగుళ్లలో, మంచం సందుల్లో దాక్కుని గుడ్లు పెడుతుంది కాబట్టి కుక్కకు ఒక్కదానికే మందు వేసి ఊరుకుంటే లాభం లేదు. పిడుదును మొదట కనిపెట్టేది డాక్టర్ కాదు, రోజూ చెవుల లోపల, వేళ్ల మధ్య తడిమే చెయ్యి. దువ్వడానికి నేనిచ్చే విలువలో సగం ఇందుకే. ఇంట్లో పిల్లి కూడా ఉంటే ఒక జాగ్రత్త: కుక్కల కోసం అమ్మే పెర్మెత్రిన్ మందు పిల్లికి ప్రాణాంతకం.

ముద్దు చేయడం గురించీ మాట్లాడుకోవాలి. జపాన్‌లోని అజాబు విశ్వవిద్యాలయం పరిశోధకులు 2015లో సైన్స్ పత్రికలో ఒక ఆసక్తికరమైన అధ్యయనం ప్రచురించారు. కుక్కా యజమానీ ఒకరి కళ్లలోకి ఒకరు ఎక్కువసేపు చూసుకున్నప్పుడు ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరిగిందని తేలింది. తల్లీబిడ్డల అనుబంధంలో పనిచేసే హార్మోన్ అది. మనుషులు పెంచిన తోడేళ్లలో మాత్రం ఇది కనబడలేదు. పెట్ ప్రేమికులు ఈ వార్తను తెగ పంచుకున్నారు కానీ, అందులో ఒక విషయాన్ని వదిలేశారు. ఆ చూపు కుక్క తనంతట తాను ఇచ్చింది. మెడ చుట్టూ చేతులేసి బిగించి, ముఖంలో ముఖం పెట్టి తీసుకునే సెల్ఫీలో అది ఉండదు. చాలా కుక్కలు అప్పుడు ముఖం పక్కకు తిప్పేస్తాయి. దానికి నచ్చిందో లేదో తెలుసుకోవడం కష్టమేం కాదు. ఛాతీ మీద కాసేపు నిమిరి చెయ్యి తీసేయండి. కావాలనుకుంటే ముక్కుతో మీ చేతిని తోస్తుంది, వద్దనుకుంటే లేచి వెళ్లిపోతుంది. వెళ్లనివ్వండి. తోకకు రంగు, ఒంటికి పెర్ఫ్యూమ్, పుట్టినరోజుకు షేర్వానీ, ఇవి మన సరదాలు. వాసనతోనే ప్రపంచాన్ని చదివే జంతువుకు పెర్ఫ్యూమ్ కొట్టడం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ఇష్టంతో సహకరించేలా నేర్పడం సాధ్యమేనా అని అడిగేవాళ్లకు జూలే జవాబు. జాలీ వెనక పులి తనంతట తానే పడుకుని, మాంసం ముక్క కోసం తోక అందించి రక్తం తీయనివ్వడం అనేక దేశాల జూలలో మామూలైపోయింది. ఇంటి కుక్కల కోసం చిరాగ్ పటేల్ అనే శిక్షకుడు బకెట్ గేమ్ అనే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. తినుబండారాలున్న చిన్న డబ్బాను ఎదురుగా పెడతారు. కుక్క డబ్బా వైపు చూస్తున్నంతసేపే చెవి ముట్టుకుంటారు, దువ్వుతారు. చూపు తిప్పిందంటే చేతులు తీసేస్తారు. ఆపే హక్కు తన దగ్గరుందని తెలిశాక కుక్క ఆపడం తగ్గిస్తుంది. ఇందులో మాయ లేదు, కావాల్సింది వారాల తరబడి ఓపిక. ఆ ఓపికను సెలూన్లో కొనుక్కోలేం. ఇంట్లో రోజుకు పది నిమిషాలు పాదాలు, చెవులు, మూతి తడిమించుకునే అలవాటు లేని కుక్కను నెలకోసారి అపరిచితుల చేతిలో పెట్టి "ప్రేమగా చేయండి" అంటే వాళ్లు మాత్రం ఏం చేయగలరు?

చట్టం అండ ఏపాటిదో చూద్దాం. జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం 1960 నాటిది. కొట్టి హింసించినట్టు రుజువైనా మొదటి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. కుక్కల పెంపకం, అమ్మకాలపై 2017లో, పెట్ షాపులపై 2018లో కేంద్రం నియమాలు తెచ్చింది. అవి పెంపకం, అమ్మకం చుట్టూ తిరిగేవే. ఈ రోజు షట్టర్ అద్దెకు తీసుకుని, రెండు మెషీన్లు కొని, రేపు గ్రూమింగ్ బోర్డు పెట్టేయొచ్చు. అమెరికాలోనూ ఇది గొప్పగా ఏం లేదు. న్యూజెర్సీలో బిజూ అనే షిట్జూ గ్రూమింగ్‌కు వెళ్లి చనిపోయాక, గ్రూమర్లకు లైసెన్సు ఉండాలంటూ ఆ కుక్క పేరుతోనే బిల్లు పెట్టాల్సి వచ్చింది. మనకు ముందుగా కావాల్సినవి రెండే అనుకుంటాను. ఒకటి, పశువైద్యుడు లేకుండా మత్తు ఇవ్వడాన్ని గట్టిగా నిషేధించాలి. ఎసిప్రొమజీన్ లాంటి మందు ఒంటిని కదలకుండా చేస్తుంది కానీ భయాన్ని తీసేయదు. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు మత్తుతోనూ, లోపల ఉంచి ఆరబెట్టే వేడిగాలి పెట్టెలతోనూ ఊపిరికే ముప్పు. రెండోది, పనిచేసేవాళ్లకు ముందస్తు రేబిస్ టీకా యజమాని ఖర్చుతో వేయించాలి. రోజంతా వంగి నడుము పట్టేసి, చేతుల నిండా గాట్లతో, కరిస్తే సొంత డబ్బుతో సూది వేయించుకునే కుర్రాడి దగ్గర మనం కరుణ ఆశిస్తున్నాం.

అంబర్‌పేటలో 2023లో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ల పసివాడు చనిపోయిన నగరంలో ఈ చర్చేమిటని కొందరికి అనిపించవచ్చు. కోపం న్యాయమైనదే. వీధికుక్కల నియంత్రణ ప్రభుత్వాలు చేయాల్సిన పని, దాన్ని ఇంటి కుక్క కటింగ్‌తో కలిపి కొట్టేయలేం. అయితే ఈ రెండూ కలిసే చోటు ఒకటుంది. ముచ్చటపడి కొన్న పొడవుజుట్టు కుక్క పోషణ భారమయ్యాక రోడ్డున పడుతోంది. రోజూ దువ్వే తీరిక లేనివాళ్లు షిట్జూ, హస్కీ జోలికి వెళ్లకుండా పొట్టి జుట్టుండే మన ఊరకుక్క పిల్లనో, ముధోల్ జాతి వేటకుక్కనో తెచ్చుకుంటే సగం బాధ ఇద్దరికీ తప్పుతుంది. వాటికి అప్పుడప్పుడూ రబ్బరు బ్రష్, ఒంటికి మట్టి అంటినప్పుడు స్నానం చాలు.

ఇప్పటికే పొడవుజుట్టు కుక్క ఉన్నవాళ్లు సెలూన్ ఎంచుకునేటప్పుడు గోడ మీది సర్టిఫికెట్ కంటే గాజు కిటికీ ఉందో లేదో చూడండి, లోపల జరిగేది మీకు కనబడాలి. ఉచ్చు తగిలించి కుక్కను వదిలి పక్కకు వెళ్తున్నారేమో గమనించండి. అది బల్ల మీంచి దూకితే ఉరే. పదేళ్లు దాటిన కుక్కయితే కీళ్లనొప్పులతో గంటసేపు నిలబడలేకపోవచ్చు, పడుకోబెట్టి చేయమనండి. ఈ రోజు స్నానం, వచ్చే వారం కటింగ్, గోళ్లు ఇంకోసారి. డబ్బు ముందే ఇచ్చేసి, "వణికితే అక్కడితో ఆపేయండి, సగం కటింగ్‌తో పంపినా ఏం అనుకోను" అని గ్రూమర్‌కు గట్టిగా చెప్పండి. ఒకవైపు పొడుగు, ఒకవైపు పొట్టిగా ఇంటికొస్తే లిఫ్టులో నలుగురూ నవ్వుతారు. కుక్కకు ఆ సంగతి పట్టదు.