భూమి లోపలి లెక్క కిలో 12 రూపాయలా?

పొద్దుటి నుంచి నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. బీపీ మాత్ర వేసుకున్నా లాభం లేదు. ఇక్కడ రాసేస్తే గానీ కోపం దిగేలా లేదు.

ఇంట్లో పాడైపోయిన కూలర్ అమ్మేద్దామని రాజమండ్రిలో పాత సామాన్ల కొట్టుకు వెళ్ళాను. అతను తూకం వేస్తున్నాడు, నేను పక్కన నిలబడ్డాను. గోడ వారగా అట్టపెట్టెలు గుట్టగా పడేసి ఉన్నాయి. ఒకదాని మూత చిరిగి, లోపలి నుంచి గుండ్రటి ప్లాస్టిక్ డబ్బా అంచు బయటికి పొడుచుకొచ్చింది. ఆ అంచు నాకు బాగా తెలుసు. ఒకప్పుడు అలాంటివి రోజూ ఈ చేతుల్తోనే మెషిన్‌కి ఎక్కించి దించాను. నైన్-ట్రాక్ టేపు, చమురు సర్వేల్లో రికార్డింగ్‌కు వాడిన పాత అయస్కాంత టేపు, 2,400 అడుగుల రీలు. లేబుల్ పచ్చబడింది గానీ అక్షరాలు చెరగలేదు. లైను నంబరు, ఫైల్ నంబర్లు, తేదీ. 1988 ఫిబ్రవరి. కోనసీమ లైను.

"ఎక్కడివి బాబూ ఇవి?" అన్నాను.

"ఎవరిదో గోడౌన్ ఖాళీ చేశారంటండి. కాగితం కిలో పన్నెండండి, ప్లాస్టిక్ వేరే రేటండి. తీసుకుంటారేటండీ?"

రీళ్ళ కింద కాగితాల కట్టలున్నాయి. పురికొస కట్టి ఉంది. విప్పి చూస్తే అబ్జర్వర్ లాగులు, అంటే సర్వే ట్రక్కులో కూర్చుని రాసుకున్న పని వివరాల కాగితాలు. పై కాగితం మీద పెన్సిల్‌తో రాసిన రాత: షాట్ పాయింట్ 214 వదిలేశాం, ఇల్లు దగ్గరగా ఉంది. 215కు రైతు ఒప్పుకోలేదు, 40 మీటర్లు పక్కకు జరిపాం. మధ్యాహ్నం నుంచి వాన, నాయిస్ ఎక్కువ. మూలన టీ మరక. ఆ రాత నాది కాదు. కానీ నేనూ అలాగే రాసేవాణ్ణి, బురదలో ట్రక్కు మెట్టు మీద కూర్చుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని.

ఏ కంపెనీ గోడౌనో ఇక్కడ రాయను. అది కాదు నా బాధ.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. చమురు, గ్యాస్ వెతకాలంటే ముందు సీస్మిక్ సర్వే చేస్తారు. మా ఊళ్ళలో బాంబుల సర్వే అనేవారు. వరుసగా గోతులు తవ్వి, అడుగున మందు పెట్టి పేలుస్తారు. ఆ వరుసే లైను, పేల్చే ఒక్కో చోటు ఒక షాట్ పాయింట్. ఆ అదురు కింది రాతి పొరలకు తగిలి వెనక్కొస్తుంది. దాన్ని నేల మీద గుచ్చిన వందలాది జియోఫోన్లు, అంటే అదురును పట్టే పరికరాలు, పట్టి టేపు మీదికి ఎక్కిస్తాయి. అబ్జర్వర్ అంటే ఆ ట్రక్కులో కూర్చుని రికార్డింగ్ చూసుకునేవాడు. ఏ షాట్ ఎక్కడ పేలింది, ఏది పక్కకు జరిగింది, ఏ జియోఫోన్ పనిచేయలేదు అన్నీ లాగులో రాస్తాడు. ఆ కాగితం లేకపోతే టేపులో ఉన్నది వట్టి రొద. ఆ ప్రతిధ్వని అమలాపురం కిందిదో, అంతర్వేది కిందిదో చెప్పే దిక్కుండదు. టేపూ కాగితమూ మొగుడూ పెళ్ళాల్లాంటివి, విడదీస్తే రెండూ పనికిరావు. అలాంటివి ఇవాళ రెండు రేట్లకు రెండు గుట్టలుగా పోతున్నాయి.

ఫొటో తీసి మా పాత ఫీల్డ్ పార్టీ, అంటే సర్వే బృందం, వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అయిదు నిమిషాల్లో ఒకాయన జవాబు. పెద్ద హోదాలో రిటైరైన మనిషి. "అంతా ఎన్‌డీఆర్‌లో ఉంది కదండీ, ఈ చెత్తతో ఏం పని?" అన్నాడు. దానికి ఇంకో నలుగురు బొటనవేలు గుర్తు పెట్టారు. నా టెన్షన్ అక్కడ మొదలైంది.

ఎన్‌డీఆర్ అంటే నేషనల్ డేటా రిపాజిటరీ. చమురు అన్వేషణ సమాచారం మొత్తం ఒకేచోట దాచే జాతీయ భాండాగారం. డీజీహెచ్ అనే హైడ్రోకార్బన్ల డైరెక్టరేట్ నోయిడాలో నడుపుతుంది. 2017 జూన్ 28న ప్రారంభించారు. 26 అవక్షేప బేసిన్లకు (మట్టి, ఇసుక పొరలు పేరుకున్న, చమురు దొరికే అవకాశమున్న ప్రాంతాలకు) సంబంధించి 160 టెరాబైట్ల డేటా అని అప్పుడు చెప్పారు. మంచి పని. చాలా మంచి పని. అంతకు ముందు బ్లాకులు, అంటే అన్వేషణకు ఇచ్చే ముక్కలు, ఏవి వేలానికి పెట్టాలో ప్రభుత్వమే గీతలు గీసి ఇచ్చేది. ఇప్పుడు కంపెనీలే ఆ డేటా చూసుకుని తమకు కావలసిన చోటు అడగొచ్చు. ఎవరూ తొంగిచూడని ప్రాంతాల కోసం నేషనల్ సీస్మిక్ ప్రోగ్రాం అని 48,243 లైన్ కిలోమీటర్ల సర్వే కూడా పెట్టారు. ఇవన్నీ కాదనడానికి నేనెవర్ని?

కానీ "అంతా ఉంది" అన్న మాట దగ్గరే నా ఒళ్ళు మండుతుంది. అంతా ఉంటే ఈ పెట్టెలేమిటి? ఈ లైను అందులో ఎక్కిందో లేదో ఆ పెద్దమనిషి చూశాడా? చూడలేదు. పోనీ టేపు ఎక్కింది, లాగు ఎక్కిందా? కంప్యూటర్లో ఫైలు పేరు కనిపించినంత మాత్రాన డేటా ఉన్నట్టా? తాళం ఉంది, ఇల్లు లేదు అన్నట్టుంటుంది.

పాత టేపు సంగతి ఎవరైనా ఆలోచించారా? రీలు మీది అయస్కాంత పొడిని పట్టి ఉంచే జిగురు గాలిలో తేమ పీల్చుకుంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ చుట్టు చుట్టుకీ అంటుకుపోతుంది. అలాగే మెషిన్‌కి ఎక్కిస్తే పొడి ఊడి హెడ్డుకు అంటుకుంటుంది. దానితో పాటు డేటా కూడా పోతుంది. అందుకే సన్నటి వేడిలో గంటల తరబడి ఆరబెట్టి, ఆ వెంటనే చదివించి కొత్త దాంట్లోకి మార్చుకోవాలి. పైగా అప్పటి డ్రైవులు తయారు కావడం మానేసి చాలా కాలమైంది. మన గోదావరి జిల్లాల ఉక్కపోతలో రేకుల షెడ్డులో పడేసిన రీలుకు ఇంకెన్నాళ్ళ ఆయుష్షు ఉంటుంది?

"కావాలంటే మళ్ళీ సర్వే చేసుకుంటారు లెండి" అన్నాడు ఆ గ్రూపులోనే ఇంకొకాయన. ఎక్కడ చేస్తారండీ? 1988లో మేం నడిచిన లైనంతా వరి చేలు, కొబ్బరి తోటలు. ఇప్పుడక్కడ రొయ్యల చెరువులు, లేఅవుట్లు, రెండంతస్తుల ఇళ్ళు, కళ్యాణ మండపాలు. ఆరోజు ఒక్క ఇల్లు అడ్డొచ్చి 214 వదిలేశాం. ఇవాళ అదే గీత మీద ఎన్ని వదలాలి? నిశ్శబ్దంగా ఉన్న నేల మీద ఆనాడు విన్న ప్రతిధ్వనిని ఇవాళ కోట్లు పోసినా కొనలేం.

ఇంకో సంగతి చెప్పాలి. ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువ గుచ్చుతుంది.

మా అన్నయ్య మనవడు పెట్రోలియం ఇంజినీరింగ్ చదువుతున్నాడు. పుట్టింది రాజోలు దగ్గర. ఇంటి డాబా ఎక్కితే రిగ్గు దీపాలు కనిపించిన ఊరు. "ప్రాజెక్టు దేని మీద రా?" అని అడిగాను. "వోల్వ్ చమురు ఫీల్డ్ మీద తాతయ్యా" అన్నాడు. వోల్వ్ ఎక్కడుంది? నార్వే దగ్గర, ఉత్తర సముద్రంలో! ఈక్వినార్ కంపెనీ 2018లో ఆ ఫీల్డ్ డేటా మొత్తం, దాదాపు 40,000 ఫైళ్ళు, చదువుకునేవాళ్ళ కోసం ఊరికే ఇచ్చేసింది. నార్వే వాళ్ళు డిస్కోస్ అని ఉమ్మడి డేటా భాండాగారం 90లలోనే పెట్టుకున్నారు. ప్రభుత్వమూ కంపెనీలూ కలిసి నడుపుతాయి. మనం మొదలుపెట్టేసరికి రెండు దశాబ్దాలు దాటింది.

"మన కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్ మీద చేయొచ్చు కదరా" అంటే, "డేటా ఎవరిస్తారు తాతయ్యా?" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. గోదావరి గట్టున పుట్టిన పిల్లాడు తన కాళ్ళ కింద ఏముందో తెలుసుకోవడానికి దారి తెలియక నార్వే సముద్రం అడుగు చదువుతున్నాడు. వాడి తాతలు ఆ గోతులు తవ్వడానికి చేలు ఇచ్చారు. తొక్కిన వరికి ఎకరాకు ఇంతని చేతిలో పెడితే సంతకం పెట్టారు. వాళ్ళ నేల గురించిన లెక్క వాళ్ళ మనవడికి అందలేదు, పాత సామాన్ల కొట్టుకు మాత్రం అందింది.

గ్యాస్ సంగతి కూడా ఇంతే కదా. ఎత్తాక ఆగను, రాస్తాను.

2009 ఏప్రిల్‌లో సముద్రంలోని రిలయన్స్ బ్లాకు కేజీ-డీ6 నుంచి గ్యాస్ మొదలైంది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తుందన్నారు. కాకినాడ నుంచి భరూచ్ దాకా దేశానికి అడ్డంగా పైపు వేశారు. మన దగ్గర ఆ గ్యాస్‌ను నమ్ముకుని కరెంటు ప్లాంట్లు కట్టారు. తర్వాత ఉత్పత్తి పడిపోయింది. కట్టిన ప్లాంట్లు మూలనపడ్డాయి, బ్యాంకుల అప్పులు మాత్రం నిలబడ్డాయి. భూగర్భం మేం అనుకున్నట్టు లేదని కంపెనీ అంది. చెప్పినన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వం అంది. ఎవరిది నిజమో ఆనాడు ఆంధ్రాలో ఒక్క యూనివర్సిటీ ప్రొఫెసర్ అయినా డేటా ముందేసుకుని చెప్పగలిగాడా? చెప్పడానికి అతని చేతిలో ఏముంది?

పక్క పక్క బ్లాకుల్లో ఓఎన్‌జీసీ గ్యాస్ రిలయన్స్ వైపు జారిందన్న గొడవ చూడండి. 2014లో కోర్టుకెక్కారు. కింద పొరలు కలిసి ఉన్నాయా లేవా తేల్చడానికి అమెరికా నుంచి కన్సల్టెంట్లను పిలిచారు. 2015లో వాళ్ళ రిపోర్టు వచ్చింది, కలిసే ఉన్నాయని. అంత పెద్ద సంస్థలకే డేటా లేనిదే న్యాయం తేలలేదు. మరి ఊరి జనం సంగతి?

కోనసీమలో ఓఎన్‌జీసీ వాళ్ళ పాశర్లపూడి గ్యాస్ బావి 1995 జనవరి 8న అంటుకుంది. 65 రోజులు మండింది. మా అమ్మ పుట్టిల్లు ఆ చుట్టుపక్కలే. రాత్రిపూట వాకిట్లో దీపం అక్కర్లేదు, అంత వెలుతురు. ఆ హోరుకు పసిపిల్లలు నిద్రపోయేవారు కాదు. మా అమ్మమ్మ కొబ్బరాకుల చివర్లు చూపించి, "మాడిపోయాయి రా, చెట్టు మళ్ళీ గెల వేస్తుందా?" అని నన్నే అడిగేది, సర్వేలో పనిచేసిన వాణ్ణి కాబట్టి. ఆ బావిలో ఎంత లోతున ఎంత ప్రెషర్ తగిలింది, పక్క బావుల లాగులు (బావి తవ్వేటప్పుడు తీసిన కొలతలు) ముందే ఏమైనా హెచ్చరించాయా అన్నది ఊరివాళ్ళకు అర్థమయ్యే తెలుగులో ఎవరైనా ఒక్క కాగితం ఇచ్చారా? నాకైతే ఇప్పటిదాకా కనపడలేదు. ఇవాళ్టికీ కోనసీమలో ఎవరిని కదిపినా ఒకటే భయం, గ్యాస్ తీసేస్తే నేల కుంగుతుందేమో, సముద్రం లోపలికొస్తుందేమో అని. ఆ భయం నిజమో కాదో తేలాలంటే పాత కొలతలు ఉండాలి. అప్పటిది లేకుండా ఇప్పటిది దేనితో పోలుస్తారు?

ముడి చమురులో 85 శాతం పైగా బయట నుంచి కొనుక్కునే దేశం మనది. ఒప్పందాల ప్రకారం కంపెనీ ఎవరైనా సరే, అన్వేషణ డేటా ప్రభుత్వ ఆస్తి. అంటే మన ఆస్తి. ఒక్కొక్క పాత గోడౌన్ తలుపు తట్టి, రీళ్ళు లెక్కపెట్టి, లాగులు స్కాన్ చేసి, రిటైరైన అబ్జర్వర్లను కూర్చోబెట్టి "ఈ రాత ఏమిటి, ఈ గుర్తు ఏమిటి" అని అడిగి రాసుకోవాలి. మేం ఇంకా బతికే ఉన్నాం. మా పార్టీలో ముగ్గురు పోయారు. వాళ్ళు వాడిన గుర్తులు వాళ్ళతోనే పోయాయి. నోయిడాలో సర్వర్లు ఎన్ని పెంచినా ఈ పని దానంతటదే జరగదు.

జేబులో ఉన్న డబ్బుతో లాగుల కట్టలన్నీ, రెండు పెట్టెల రీళ్ళూ కొన్నాను. కూలర్ డబ్బులు కూడా అందులోకే పోయాయి. ఇంటికి తెస్తే మా ఆవిడ ఏమీ అనలేదు. ముందు గది ఖాళీ చేసి, తడి తగలకుండా కింద చెక్క పలకలు వేసింది. ఇది నాది కాదు, ప్రభుత్వానిది. లైను నంబర్లు, తేదీలు జాబితా రాసి డైరెక్టరేట్‌కు ఈ రాత్రే మెయిల్ పెడుతున్నాను. వచ్చి తీసుకుని రసీదు ఇస్తే చాలు. మీలో ఎవరికైనా పనిచేసే నైన్-ట్రాక్ డ్రైవు ఎక్కడుందో తెలిస్తే చెప్పండి. దయచేసి ఎవరూ ఆ రీళ్ళను ఊరికే తిప్పి చూడొద్దు.

కొట్టులో ఇంకా 11 పెట్టెలున్నాయి. రేపు మధ్యాహ్నం మిల్లు లారీ వస్తుందన్నాడు. నేను ఆటో మాట్లాడుకున్నాను, ఏడింటికల్లా షట్టర్ ముందుంటాను.