సొంతిల్లు, సొంత కాంట్రాక్టు

కడపలో ఇల్లు కట్టుకోదలచిన పెద్దలకు నా సలహా ఒక్కటే. కాంట్రాక్టరుకు ఇవ్వకండి, దగ్గరుండి మీరే కట్టించుకోండి. నేను అలాగే కట్టించుకున్నాను కాబట్టి చెప్పే అర్హత నాకుంది. మా ఇంటికొచ్చినవాళ్లు హాల్లో కూర్చుని, పైకి చూసి, ఏదో అడగబోయి ఆగిపోతారు. ఆ సంగతి తర్వాత.

అసలు కాంట్రాక్టరు చేసే పనేముంది? సిమెంటు తెప్పిస్తాడు, బేల్దార్లను పిలుస్తాడు, వేపచెట్టు కింద నిలబడి ఫోన్లో అరుస్తాడు. దీనికి రెండు లక్షలా? చెట్టు కింద నిలబడటం నాకూ వచ్చు. ఫోనూ ఉంది. "అరవడం మాత్రం మీకు రాదు కదా" అంది మా ఆవిడ. పట్టించుకోలేదు.

మొదటి వారంలోనే నా చేతికి టీ ఫ్లాస్కు వచ్చింది, గృహప్రవేశం దాకా దిగలేదు. మేస్త్రీకి చక్కెర తక్కువ, స్లాబు కింద పలకలు బిగించే సెంట్రింగ్ వాళ్లకు ఎక్కువ. ఈ ఒక్క విషయంలో నేనెప్పుడూ పొరపాటు చేయలేదు.

మా వైపు డబ్బును లెక్క అంటారు. మూడో నెలకల్లా పుస్తకంలో లెక్క రాయడం ఆగింది, చేతిలో లెక్క పోవడం ఆగలేదు. 2024 జూలై నుంచి ఇసుక ఉచితం కదా అంటారు. నిజమే, ఇసుకకు నేను పైసా ఇవ్వలేదు. తవ్వినందుకు ఇచ్చాను, ఎత్తినందుకు ఇచ్చాను, ట్రాక్టరు బాడుగ ఇచ్చాను. ఉచితంగా వచ్చేదానికి బేరమాడితే బాగుండదని ఊరుకున్నాను.

కడప బండ సంగతి సరేసరి. ఎర్రగుంట్ల వైపు గనుల నుంచి ముంబై వంటిళ్ల దాకా మా ఊరి పేరు మోసుకెళ్లే బండ, మా వంటింటికి రావడానికి నెలా పది రోజులు పట్టింది. ఎప్పుడు ఫోన్ చేసినా "లోడవుతాంది సార్" అనేవాళ్లు.

మా మేస్త్రీ భాయ్ మంచివాడు. పెద్దదర్గా ఉరుసుకు రాడు, న్యాయమే. ఆయన మీద గౌరవంతో మిగతావాళ్లూ రారు. ఉగాదికి మిగతావాళ్లు రారు. ఆ రోజు దేవుని కడప గుడికి వెళ్లి వెంకన్నకు మొక్కడం ఇక్కడి ముస్లింలకూ ఆచారమే కాబట్టి భాయ్ కూడా రాడు. కడప మతసామరస్యం మీద చాలా వ్యాసాలు చదివాను. దానికి సెంట్రింగ్ బాడుగ నేను కట్టానని ఎవరూ రాయలేదు.

ఇక స్లాబు. ఏప్రిల్ ఎండల్లో వేశాం. మడులు కట్టి పది రోజులు నీళ్లు నిలపాలని, ఆరితే పగుళ్లిస్తుందని భాయ్ హెచ్చరించాడు. రాత్రి రెండింటికి లేచి పైపు పట్టుకున్నాను. పిల్లలు పసివాళ్లుగా ఉన్నప్పుడు ఇన్నిసార్లు లేవలేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

అయితే కాంక్రీటు పోయకముందే ఎలక్ట్రీషియన్ వచ్చి పైపులు, ఫ్యాన్ బాక్సులు పెట్టాలి. శనివారం వచ్చి గదుల్లో పెట్టాడు. హాలు వైపు కమ్మీ కట్టడం ఇంకా కాలేదు, అయ్యాక కబురు చేయమన్నాడు. కమ్మీ వాళ్లు సాయంత్రానికి ముగించి ఇంటికి పోయారు. ఆదివారం తెల్లవారుజామున మిక్సర్ దిగింది. ఈ ముగ్గురి మధ్య ఒకడుండి ఒకరి మాట ఒకరికి చేరవేయాలట. ఆ సమయానికి వాడు టీ తేవడానికి వెళ్లాడు.

అందుకని మా హాలుకు ఫ్యాన్ లేదు. చిల్లు పెట్టి హుక్కు బిగిస్తానని భాయ్ అన్నాడు. రాత్రిళ్లు లేచి నీళ్లు పోసి పెంచుకున్న స్లాబు, మనసొప్పలేదు. రెండు స్టాండు ఫ్యాన్లు కొన్నాం. మే నెలలో చుట్టాలొస్తే షామియానా వాళ్ల దగ్గర ఇంకో రెండు బాడుగకు తెస్తాం.

మొన్న పక్క ప్లాటాయన వచ్చాడు. కాంట్రాక్టరుకు ఇద్దామనుకుంటున్నానన్నా అన్నాడు. హాల్లో కూర్చోబెట్టి, ఆ పని చేయొద్దని గంటసేపు చెప్పాను. చెమట తుడుచుకుంటూ అంతా విన్నాడు. పోయేటప్పుడు ఫ్లాస్కు కూడా ఇచ్చి పంపాను.