ద్విరేఫ అను నా పేరుకు, ఎల్లుండి రాయునది

మహారాజశ్రీ ద్విరేఫ గారికి,

ఉభయకుశలోపరి. నువ్వు బాగానే ఉంటావు, నీకేం. మోసేది నేను కదా. 'గారు' అన్నది మర్యాద కోసం. నలభై రెండేళ్ల సావాసం కాబట్టి ఇక్కణ్నించి నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోకు.

ఇన్నేళ్లలో నీ గురించి వేలసార్లు వివరణ ఇచ్చుకున్నాను గానీ నీకంటూ ఒక్క ఉత్తరం ముక్క రాయలేదు. ఇప్పుడెందుకంటే, మా తమ్ముడికి బిడ్డ పుట్టబోతోంది. పేరు కోసమని ఫ్యామిలీ గ్రూపు ఒకటి పెట్టారు. అందులో మొట్టమొదటి మెసేజే "యూనిక్‌గా ఉండాలి, ఇంకెవరికీ ఉండకూడదు" అని. అది చదవగానే నా గుండెల్లో రాయి పడింది.

ముందు నీ పుట్టుపూర్వోత్తరాలు. మా నాన్న నిఘంటువుల మనిషి. నేను పుట్టగానే తుమ్మెదకున్న పర్యాయపదాలన్నీ తిరగేశారట. తుమ్మెదే ఎందుకని అడక్కు, నేను అడిగి భంగపడ్డాను. భ్రమరం అనే మాటలో రెండు 'ర'లు ఉన్నాయి, రేఫ అంటే ర, అందుకని తుమ్మెదను ద్విరేఫం అన్నారు. అంటే నువ్వు తుమ్మెదకు నేరుగా పెట్టిన పేరు కూడా కాదు. తుమ్మెదకున్న ఇంకో పేరులో ఉన్న అక్షరాల లెక్క. పోనీ ఆ లెక్కైనా కుదిరిందా అంటే, రెండు 'ర'లని చాటుకునే నీలో ఉన్నది ఒకే ఒక్క 'ర'. ఈ సంగతి తొమ్మిదో తరగతిలో నేను కనిపెట్టి నాన్న ముందు పెట్టాను, ఇప్పటికైనా సిగ్గుపడతారని. ఆయన మురిసిపోయి "చూశావా, ఎంత లోతుందో!" అన్నారు.

అదే పేజీలో నీ పక్కనే షట్పదం ఉంది. ఆరు కాళ్లది అని అర్థం. అంతదాకా వెళ్లకుండా నీ దగ్గరే ఆగినందుకు నేను కృతజ్ఞుణ్ని.

చిత్రమేమిటంటే, నిన్ను పెట్టినవాళ్లెవరూ నిన్ను వాడలేదు. ఇంట్లో నేను చిన్నాని. జుట్టు నెరిసినా చిన్నానే. ఎవరైనా వచ్చినప్పుడు మాత్రం నాన్న నిన్ను బీరువాలోంచి తీసినట్టు తీసి, 'ఫ'ను పొట్ట లోతుల్లోంచి పలికి, అర్థం చెప్పి, వాళ్లు ఆహా అన్నాక మళ్లీ లోపల పెట్టి తాళం వేసేవారు. మిగిలిన కాలమంతా నువ్వు బడి పిల్లల చేతుల్లో ఉన్నావు. కొన్నది ఒకరు, వాడింది ఇంకొకరు.

మా క్లాస్ టీచర్ హాజరు పిలిచేటప్పుడు దినేష్, దివ్య, దుర్గ అంటూ గబగబా వచ్చేవారు. దుర్గ దాటగానే ఆగిపోయేవారు. కళ్లజోడు పైకి తోసుకుని పట్టీని మొహానికి దగ్గరగా తెచ్చుకునేవారు. ఆ నిశ్శబ్దమే నా పేరు. అది మొదలవగానే లేచి "ప్రెజెంట్ టీచర్" అనేసేవాణ్ని. ఆ ఏడాది పొడుగునా ఆవిడ నిన్ను ఒక్కసారైనా పూర్తిగా పలకలేదు. నేను ఆ అవసరం రానివ్వలేదు.

ఆరో తరగతికి వచ్చేసరికి నోరు తిరగని వాళ్లు నిన్ను 'ద్విరేపు' చేశారు. అంతటితో ఆగినా బాగుండేది. చివరి బెంచీలో ఒకడుండేవాడు. ఏ పరీక్షలోనూ గట్టెక్కిన పాపాన పోలేదు. ఒక మధ్యాహ్నం తెలుగు సారు ద్విగు సమాసం చెప్తున్నారు. ముందు సంఖ్య ఉంటుంది, ద్వి అంటే రెండు అన్నారు. వీడు చెయ్యెత్తాడు. "సార్, అయితే ద్విరేపు అంటే రెండైన రేపులు. రెండు రేపులంటే ఎల్లుండే కదా?"

క్లాసు ఒక్క క్షణం లెక్క కట్టుకుంది. తర్వాత గొల్లుమంది. సారు బోర్డు వైపు తిరిగిపోయారు. ఆయన భుజాలు కదలడం నాకు మొదటి బెంచీలోంచి స్పష్టంగా కనిపించింది. వాడి బుర్రకు ఇప్పటికీ దండం పెడతాను. విగ్రహవాక్యంలో కూడా తప్పు లేదు.

ఆ రోజు నుంచి పదో తరగతి అయ్యేదాకా నేను ఎల్లుండిని. "సైన్సు పరీక్ష ఎల్లుండి" అని టీచర్ అంటే చాలు, నలభై తలలు నా వైపు తిరిగేవి. ఆటల్లో "ఎల్లుండికి బ్యాటింగ్ ఎల్లుండి." జ్వరమొచ్చి రెండు రోజులు మానేసి వెళ్తే "ఎల్లుండి కరెక్టుగా ఎల్లుండే వచ్చాడ్రా." ఎల్లుండి నుంచి సెలవులని చెప్పినప్పుడు క్లాసంతా కేకలు పెడుతుంటే నేనొక్కణ్నే తల దించుకుని కూర్చునేవాణ్ని. సెలవుల కబురును కూడా సంతోషంగా విననివ్వలేదు నువ్వు.

ఇంట్లో చెప్పలేదు. చెప్తే నాన్న చిన్నబుచ్చుకుంటారని. ఒకసారి ఎవడో ఇంటికి ఫోన్ చేసి "అంకుల్, ఎల్లుండి ఉన్నాడా?" అని అడిగాడు. నాన్న చాలా ఓపిగ్గా, "ఎల్లుండి సంగతి ఇప్పుడే ఎలా చెప్తాం బాబూ, ఇప్పుడైతే ఉన్నాడు" అన్నారు. మర్నాడు బళ్లో ఆ సంభాషణను నాటకం వేశారు.

ఎవరి పేరునైనా పిల్లలు వెక్కిరిస్తారు, నా ఒక్కదాని మీదే పడతావేం అంటావు. నిజమే, సుధను సోది అన్నారు, రాజును బూజు అన్నారు. కానీ తేడా ఉంది. మా క్లాసులో శ్రీనులు ముగ్గురు. శ్రీను మీద ఏ జోకు పేలినా తలా ఒక ముక్క పంచుకునేవాళ్లు. పైగా ఒకణ్ని అంటే మిగతా ఇద్దరూ కొట్టడానికి వచ్చేవాళ్లు. నా వాటా అలా కాదు. ఆస్తంతా ఏకైక వారసుడిదే. యూనిక్ అంటే ఏమిటో గ్రూపులో నన్నడిగితే ఇదే చెప్పేవాణ్ని. ఎవరూ అడగలేదు.

ఈ మధ్య రాత్రిళ్లు నిద్ర పట్టక నీలాంటి వాళ్ల చరిత్రలు చదువుతున్నాను. న్యూజిలాండ్‌లో ఒక అమ్మాయికి పేరు బదులు ఏకంగా ఒక వాక్యం పెట్టారు. 'హవాయి నుంచి వచ్చిన తలూలా హులా నాట్యం చేస్తుంది' అని దాని తాత్పర్యం. ఆ పిల్ల ఎగతాళికి భయపడి స్నేహితులకు అసలు పేరే చెప్పలేదు, 'కే' అని పిలవమనేది. 2008లో తల్లిదండ్రుల కస్టడీ గొడవ కోర్టుకు వచ్చినప్పుడు పిల్లకు తొమ్మిదేళ్లు. జడ్జి రాబ్ మర్ఫిట్‌కు విషయం అర్థమైంది. పేరు మార్చడం కోసం పిల్లను కోర్టు సంరక్షణలోకి తీసుకున్నారు. కొత్త పేరు బయటికి చెప్పలేదు. ఆ వార్త చదివి నేను కళ్లు తుడుచుకున్నాను, అసూయతో. నా క్లాసులో ఒక్క జడ్జీ లేకపోయాడు. అదే తీర్పులో ఆయన ఇంకొన్ని పేర్లు ప్రస్తావించారు. కవలలకు ఫిష్, చిప్స్ అని పెడతామంటే ఆ దేశపు అధికారులు కుదరదన్నారట. 'నంబర్ 16 బస్ షెల్టర్' మాత్రం దాటిపోయింది. ఆ బిడ్డ ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

స్వీడన్‌లో ఒక జంట పేర్ల చట్టం మీద కోపంతో పిల్లాడికి 43 అక్షరాలూ అంకెలూ కలిపిన పేరొకటి తయారు చేశారు. చివర 11116 అని ఉంటుంది, అదేదో రైలు నంబరులాగా. దాన్ని 'ఆల్బిన్' అని పలకాలట. 1996లో కోర్టు ఆ పేరు కుదరదంది, 5,000 క్రోనర్ల జరిమానా ఖాయం చేసింది. మా టీచర్ గారు ఆ పట్టీ పట్టుకుని ఉంటే దుర్గ తర్వాత పీరియడ్ అయిపోయేది.

ఇలాంటివి చాలానే ఉన్నాయి. ఫ్రాన్స్‌లో చాక్లెట్ పేస్టు పేరు న్యుటెల్లాను పాపకు పెడితే, ఇది ఎగతాళికి తప్ప దేనికీ పనికిరాదని కోర్టు దాన్ని ఎల్లాగా కత్తిరించింది. ఈ వార్త 2015లో బయటికొచ్చింది. మెక్సికోలోని సొనోరా రాష్ట్రం 2014లో పిల్లల్ని బళ్లో ఏడిపించకుండా ఉండాలని 61 పేర్లు నిషేధించింది. అందులో ఫేస్‌బుక్, రోబోకాప్ ఉన్నాయి. జపాన్‌లో 1993లో ఒకాయన కొడుక్కి 'అకుమా' అని పెట్టబోయాడు, అంటే దెయ్యం. ఇక 2020లో ఎలాన్ మస్క్ గారి బిడ్డ పేరులో 12 అనే అంకె ఉంటే, కాలిఫోర్నియా వాళ్లు అంకెలు చెల్లవన్నారు. అంతే కదా అని దాన్ని రోమన్ అంకెల వేషంలో అక్షరాలుగా మార్చేశారు. డబ్బున్నవాళ్ల పిల్లల్ని కూడా టీచర్ హాజరు పిలుస్తారని వాళ్లకు ఎవరైనా చెప్పారో లేదో.

ఇవన్నీ చదివాక నాకు తెలిసిందేమిటంటే, నా కేసు ఏ దేశపు కోర్టూ తీసుకోదు. నీలో అంకెల్లేవు. బూతు లేదు. బ్రాండు కాదు. మూడంటే మూడు అక్షరాలు, మంచి అర్థం, నిఘంటువులో సొంత చోటు. చట్టం ముందు నువ్వు నిర్దోషివి. నా కడుపుమంటంతా అక్కడే. చట్టం అర్థం చూస్తుంది. ఆరో తరగతి చప్పుడు వింటుంది.

మార్చుకోవచ్చు కదా అంటావు. బ్రిటిష్ గాయకుడు డేవిడ్ బోవీ కొడుకు, చిన్నప్పటి జోయీ బోవీ అనే పిలుపును వదిలించుకున్నాడు. శుభ్రంగా డంకన్ జోన్స్ అని పిలిపించుకుని సినిమాలు తీస్తున్నాడు. నేను రెండుసార్లు ఫారం తెచ్చుకున్నాను. రెండుసార్లూ నాన్న 'ఫ' పలికే తీరు గుర్తొచ్చి డ్రాయర్లో పడేశాను. పైగా నా కాగితాల్లో నువ్వు ఇప్పటికే నాలుగు స్పెల్లింగులతో ఉన్నావు. ఒక కార్డులో నేను శ్రీమతి ద్విరేఫను. ఐదో అవతారం భరించే ఓపిక లేదు.

సరే, గ్రూపు సంగతికి వస్తాను. యూనిక్ పేర్లు డెబ్బై దాకా వచ్చాయి. సగం 'ష్'తోనూ మిగతా సగం 'విక్'తోనూ అయిపోతాయి. బయట నిలబడి ఒకదాన్ని పిలిస్తే పదిమంది యూనిక్ పిల్లలు ఒకేసారి తిరిగి చూస్తారు. నిర్వేద్ అనే పేరుకు పదకొండు లైకులు పడ్డాయి, వేదం ఉంది కదా, పవిత్రంగా ఉందని. నిర్వేదం అంటే విరక్తి అని నేను రాశాక తొమ్మిది లైకులు వెనక్కి వెళ్లాయి. రెండు అలాగే ఉన్నాయి. వాళ్లెవరో నాకు తెలుసు, వాళ్లకు ఆ పేరు మీద హక్కుంది.

నేనొక పరీక్ష పెట్టాను. మా మేనల్లుడికి తొమ్మిదేళ్లు. పేరు ఏదైనా సరే, వాడి చేతికి ఐదు నిమిషాలిచ్చి చూద్దామన్నాను. వాడు సోఫాలో తలకిందులుగా పడుకుని, కాళ్లు గోడకు ఆనించి విన్నాడు. కియాన్ష్ అన్నాను. "కీ ఇస్తే నడుస్తాడా మామా?" అన్నాడు. ఏకాగ్ర. "ఏ కాకి?" ఆర్ద్ర. "అర్ధరాత్రి." ఒక్కోదానికి రెండు సెకన్లు కూడా పట్టలేదు. వాడిలో ఏ ద్వేషమూ లేదు. పిడత కనిపిస్తే రాయి విసరాలనిపించే వయసు, అంతే. ఉండబట్టలేక "మరి ద్విరేఫ?" అన్నాను. వాడు ఆలోచించి, "అది పేరా మామా? నీ పేరు చిన్నా కదా" అన్నాడు.

నిన్న రాత్రి నాన్న గ్రూపులోకి వచ్చారు. ఆయన గుడ్ మార్నింగులు కూడా పెట్టే మనిషి కాదు. ఒక ఫోటో పెట్టారు. పాత నిఘంటువు పేజీ, అంచు చిరిగింది. నీ కింద నలభై రెండేళ్ల నాటి పెన్సిల్ గీత ఇంకా ఉంది. దాని పక్క మాట కింద కొత్తగా ఎర్ర సిరా గీత. "షట్పద. అమ్మాయైనా అబ్బాయైనా నప్పుతుంది. ఎవరికీ లేదు, వెతికి చూశాను" అని రాశారు.

మేనల్లుడు నా భుజం మీంచి తొంగి చూసి, అర్థం అడిగి తెలుసుకుని, ముందు తన కాళ్ల వైపు చూసుకున్నాడు. తర్వాత వేళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

నిమిషం తిరక్కుండా తమ్ముడి నుంచి నాకొక్కడికే విడిగా మెసేజ్ వచ్చింది. "అన్నయ్యా, వద్దని నువ్వే చెప్పాలి. నీ మాటైతేనే వింటారు. నాన్నతో ఎప్పుడు మాట్లాడతావు?"

ఇట్లు,
ఎల్లుండి