వేళచ్చేరికి దౌత్య హోదా కావాలి

ప్రపంచాన్ని కాపాడడానికి విమానమెక్కి వచ్చే మనిషికి అడుగడుగునా రక్షణ అవసరమన్న సంగతిని అంతర్జాతీయ న్యాయశాస్త్రం ఎప్పుడో గుర్తించింది. ఐక్యరాజ్యసమితి 1946 ఫిబ్రవరిలో ఆమోదించిన విశేషాధికారాల ఒప్పందంలోని 11వ సెక్షను ప్రకారం, సమితి పిలిచిన సమావేశానికి వెళ్లే సభ్యదేశ ప్రతినిధిని అరెస్టు చేయకూడదు, ఆయన సామాను పట్టుకోకూడదు, కాగితాలు ముట్టుకోకూడదు, ప్రతినిధి హోదాలో ఆయన అన్న మాటకూ రాసిన రాతకూ ఏ కోర్టూ ఆయన్ను బోనెక్కించకూడదు. ఆ తరువాతి సెక్షను ఇంకా ఉదారమైనది: పదవి ఊడి ఇంటికి వెళ్లిపోయినా, ఆనాడు అన్న మాటలకు ఉన్న రక్షణ మాత్రం ఊడదు. వాతావరణ సదస్సులకు ఆతిథ్యమిచ్చే దేశాలు ముందుగానే ఒక ఒప్పందం మీద సంతకం పెట్టి ఈ ఏర్పాట్లన్నీ తమ గడ్డ మీద వర్తింపజేస్తాయి.

ఇందులో ఆక్షేపించవలసినది ఏమీ లేదని ముందే మనవి చేసుకుంటున్నాను. 2050 నాటికి కర్బన కాలుష్యం ఇంత తగ్గిస్తాం, 2070 నాటికి సున్నా చేస్తాం అని హామీ ఇచ్చే పెద్దమనిషికి, ఆ సంవత్సరం రాగానే ఎవరో ప్లీడరు నోటీసు పంపుతాడేమోనన్న బెంగ పట్టుకుంటే ఆయన హామీ ఇవ్వడమే మానేస్తాడు. హామీలు లేకపోతే సదస్సులుండవు. సదస్సులే లేకపోతే భూగోళం గతేమిటి? నా మనవి అంతా ఒక్కటే: ఇంత చక్కటి రక్షణ వేదిక మెట్ల దగ్గరే ఆగిపోవడం అన్యాయం. దీన్ని చెన్నై మహానగరంలోని వేళచ్చేరికి, అందునా తెలుగువాళ్లం ఎక్కువగా ఉండే మా అపార్ట్‌మెంటుకు, తక్షణం విస్తరించాలి.

మాకు అర్హత ఉందా అని అడిగేవారికి చట్టమే సమాధానం చెబుతుంది. మన దేశంలో ఈ విషయానికి 1947 నాటి చట్టం ఒకటి ఉంది. అందులోని 3వ సెక్షను కింద, అంతర్జాతీయ ఒప్పందాన్నిబట్టి అవసరమైతే, కేంద్ర ప్రభుత్వం గెజెట్‌లో ఒక ప్రకటన వేసి ఇతర అంతర్జాతీయ సంస్థల ప్రతినిధులకు కూడా ఈ సౌకర్యాలు ఇవ్వవచ్చు. మా అపార్ట్‌మెంటు సంఘం అంతర్జాతీయ సంస్థేనని నిరూపించడం ఏమంత కష్టం కాదు. మూడో అంతస్తు యజమాని న్యూజెర్సీలో ఉంటాడు, అయిదో అంతస్తావిడ సింగపూరులో ఉంటుంది, ఇద్దరూ మెయింటెనెన్సు బకాయి గురించి వాట్సాప్‌లో వారి వారి కాలమానాల ప్రకారం పోట్లాడుతుంటారు. వాచ్‌మన్‌ది నేపాల్. ఇక కావలసిన అంతర్జాతీయ ఒప్పందం ఒక్కటే లేదు; అది వాచ్‌మన్ ఊరికి వెళ్లినప్పుడు చేసుకొస్తానన్నాడు.

అవసరం ఉందా అంటారా? 2023 నవంబరు 30న దుబాయిలో 28వ వాతావరణ సదస్సు మొదలైన రోజే, వాతావరణ మార్పు వల్ల నష్టపోయే పేద దేశాలకు సాయం చేసే నిధికి ఆమోదం పడింది, సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు ఇంకా చల్లారకముందే, డిసెంబరు 3, 4 తేదీల్లో మిగ్జాం తుపాను చెన్నై మీద కుమ్మరించింది. మా సెల్లారులో కార్లు ఒకదాన్నొకటి పలకరించుకుంటూ తేలాయి. మురుగునీరు సంపులోకి వచ్చి తాగునీటితో కలిసిపోయింది. మా సంఘం కార్యదర్శిగారు నెల్లూరు మనిషి; పంచె మోకాళ్ల పైకి ఎగగట్టి, జమాఖర్చుల పుస్తకాన్ని పాలిథీన్ కవరులో చుట్టి నెత్తిన పెట్టుకుని, మెట్ల మీద ఎంతవరకు నీళ్లొచ్చాయో సుద్దముక్కతో గీత గీశారు. అలాంటి కవర్లను తమిళనాడు 2019 జనవరి 1 నుంచి నిషేధించిందన్న సంగతి ఆ క్షణంలో ఎవరూ ఆయనకు గుర్తు చేయలేదు. తుపాను మాత్రం ఏ ఇమిగ్రేషను వరుసలోనూ నిలబడకుండా ఉత్తరానికి సాగి, 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటి, మా బంధువుల పొలాలను కూడా చూసి వెళ్లింది. 11వ సెక్షనులో ప్రతినిధులకిచ్చిన వలస నిబంధనల మినహాయింపును ఇంత సంపూర్ణంగా వినియోగించుకున్న అతిథిని నేను మరొకరిని చూడలేదు.

ఆ నిధి సంగతేమైందని కొందరు తొందరపడి అడుగుతారు. దాని పాలకమండలి ఫిలిప్పీన్స్‌లో కొలువుదీరింది. 2024లో ఆ దేశం ప్రత్యేకంగా చట్టం చేసి ఆ మండలికి చట్టబద్ధమైన వ్యక్తిత్వం ప్రసాదించింది. అప్పటికింకా బాధితుడెవరికీ అందులోంచి దమ్మిడీ ముట్టలేదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్లు ఎగతాళి చేస్తారు గానీ, సోమలింగానికి ముందుగా న్యాయపరమైన హోదా లేకపోతే పుట్టిన తరువాత వాడి మీద దావాలు పడవా? డబ్బు పంచేవాడిని ముందు కాపాడుకోవాలి, ఆ తరువాతే పంచాలి. క్యోటో వాతావరణ ఒప్పందం కింద కర్బన కాలుష్యం తగ్గించే ప్రాజెక్టులకు ఆమోదముద్ర వేసే మండలి సభ్యుల విషయంలోనూ ఇదే చింత. తమ ప్రాజెక్టును తిరస్కరించారన్న కోపంతో ఏ కంపెనీయైనా వాళ్లను కోర్టుకీడిస్తే ఎలా అని దేశదేశాల ప్రతినిధులు ఏళ్ల తరబడి తల పట్టుకుని ఆలోచించారు. సముద్రమట్టం మీద కూడా అంత శ్రద్ధ చూపారేమో నాకు తెలియదు.

ఇంత గట్టి రక్షణకు కూడా ఒక బలహీనత ఉందని 2025 నవంబరు 20న బ్రెజిల్‌లోని బెలేంలో తెలిసింది. సదస్సులో ప్రతినిధులు చర్చలు జరిపే ప్రాంగణాన్ని బ్లూ జోన్ అంటారు; సదస్సు జరిగినన్నాళ్లూ అక్కడ పెత్తనం ఐక్యరాజ్యసమితిది. ఆ రోజు అందులోని పెవిలియన్ల దగ్గర మంటలు లేచాయి. వెంటనే, ఆ స్థలం మీద పూర్తి అధికారం ఆతిథ్య దేశానిదేననీ, ప్రస్తుతానికి అది బ్లూ జోన్ కాదనీ ప్రతినిధులకు కబురు వెళ్లింది. న్యాయశాస్త్రంలో ఇంతకంటే స్పష్టమైన సూత్రం నేనెరుగను. మాటలు జరుగుతున్నంతసేపు భూమి అందరిదీ, నిప్పంటుకుంటే స్థానికులది.

సామాను విషయానికి వస్తాను, ఎందుకంటే మా సభ్యులకు ఎక్కువ ఆసక్తి దాని మీదే. 1961 నాటి వియన్నా ఒప్పందం 27వ అధికరణం ప్రకారం దౌత్య సంచిని, అంటే రాయబార కార్యాలయాల కాగితాలు మోసే సంచిని, విప్పకూడదు, ఆపకూడదు. సంచి ఎంత పెద్దదై ఉండాలో ఒప్పందం ఎక్కడా చెప్పలేదు. తమిళనాడు ప్రభుత్వం ప్లాస్టిక్‌కు బదులు వాడమని ప్రచారం చేస్తున్న మంజప్పైని, అంటే మన పెళ్లిళ్లలో తాంబూలం పెట్టిచ్చే ఆ పసుపుపచ్చ గుడ్డసంచిని, దౌత్య సంచిగా గుర్తించాలని మా వినతి. కోయంబేడు మార్కెట్టు నుంచి వచ్చే గృహిణి సంచిలో అడుగున ఒక పాలిథీన్ కవరు దాగి ఉందా అని ఎవరూ తడమకూడదు. అమ్మకపు పన్ను నుంచి మాత్రం మాకు మినహాయింపు అక్కర్లేదు. ఆ మినహాయింపు 1946 ఒప్పందం ప్రతినిధులకే ఇవ్వలేదు. కనుక పర్యావరణ మంత్రిగారూ, నేనూ హోటల్లో ఇడ్లీ తింటే బిల్లు కింద పన్ను ఇద్దరికీ సమానంగానే పడుతుంది. అంతర్జాతీయ సౌభ్రాతృత్వం ఆ కాగితం మీద ఒక్కచోటే నాకు కంటికి కనిపించింది.

అన్నిటికంటే ముఖ్యమైనది మాట. సభలో కూర్చున్నవాడి మాటకున్న కవచం సభ బయట నిలబడ్డవాడి మాటకు లేదని కోపెన్‌హాగన్‌లో 2009 డిసెంబరు 12న రుజువైంది. ఆ రోజు వాతావరణ సదస్సు ఊరేగింపులో తొమ్మిది వందల మందికి పైగా జనాన్ని పోలీసులు ముందుజాగ్రత్త పేరుతో పట్టుకుని, చాలామందిని చలిలో రోడ్డు మీద వరుసగా కూర్చోబెట్టారు. అది చట్టవిరుద్ధమని అక్కడి కోర్టు చెప్పేసరికి ఏడాది పట్టింది. మన దగ్గర 2006 పర్యావరణ నోటిఫికేషను ప్రకారం పెద్ద ప్రాజెక్టుల్లో చాలావాటికి ముందుగా ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కలెక్టరుగారో, ఆయన తరఫు అధికారో అధ్యక్షత వహిస్తారు, మొత్తం వీడియో తీస్తారు. చెన్నైకి ఉత్తరాన ఎన్నూరు వాగులో వల వేసుకునే మనిషి లేచి, థర్మల్ కేంద్రాల బూడిద నీళ్ల వల్ల రొయ్యలు పోయాయని చెబితే, ఆ వీడియోలో ఆయన ముఖం, పేరు, ఊరు అన్నీ భద్రంగా ఉంటాయి. ఆయనకు 11వ సెక్షను లేదు. 2018 మే 22, 23 తేదీల్లో తూత్తుకుడిలో రాగి కర్మాగారం వద్దన్నవాళ్ల మీద పోలీసులు జరిపిన కాల్పుల్లో పదమూడు మంది చనిపోయారు. వారిలో ఎవరి మెడలోనూ ప్రతినిధి బ్యాడ్జీ లేదు.

కాబట్టి మా వినతిపత్రంలో చివరి అంశంగా, ప్రజాభిప్రాయ సేకరణలో మాట్లాడిన ప్రతి మనిషికీ, అతడు అన్న మాటల విషయంలో, సదస్సు ప్రతినిధికి ఇచ్చిన రక్షణే, అంతే కాలం పాటు ఇవ్వాలని రాశాను. తక్కినవన్నీ తీసేసినా ఇది ఒక్కటి ఉంటే చాలని కింద గీత కూడా గీశాను. ముసాయిదాను కార్యదర్శిగారికి చూపిస్తే ఆయన కళ్లజోడు సవరించుకుని మొత్తం చదివి, ఆ చివరి అంశం దగ్గర వేలు పెట్టారు.

"ఇది కొట్టేయండి మాస్టారూ. సంచి సంగతి అడగండి, ఇచ్చినా ఇస్తారు. మాట సంగతి ఎత్తారంటే మొత్తం కాగితమే చెత్తబుట్టలో పడేస్తారు." లేచి వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి మరొకటి కూడా చెప్పారు. "ఈ మాట నేనన్నట్టు మినిట్స్‌లో మాత్రం రాయకండి."