అల్లుడుగారి తుపాకి, మామగారి త్రాసు

మా బావకి అమెరికా పౌరసత్వం వచ్చిన ఏడాదే గారండ్ రైఫిలు కూడా వచ్చింది. మొదటిదానికి ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేశారు. రెండోది పెట్టె విప్పేదాకా మా అక్కకి తెలీదు.

ఎమ్1 గారండ్ అంటే రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సిపాయిలు మోసిన తుపాకి. 1936లో సైన్యంలోకి వచ్చింది, 50 లక్షలకు పైగా తయారైంది. నాలుగు కిలోల పైచిలుకు బరువు. ఎనిమిది తూటాల్ని ఇనప క్లిప్పుతో సహా పైనుంచి లోపలికి నొక్కాలి. ఎనిమిదోది పేలగానే ఖాళీ క్లిప్పు టింగుమని ఎగిరి అవతల పడుతుంది. నొక్కేటప్పుడు బొటనవేలు సమయానికి తీసుకోకపోతే తూటాని లోపలికి తోసి మూసే ఇనపదిమ్మ, అంటే బోల్టు, వచ్చి దాని మీద పడుతుంది. ఇది ఎంతమందికి జరిగిందంటే, ఆ దెబ్బకి 'గారండ్ థంబ్' అని పేరే స్థిరపడింది. బావ మొదటి వారంలోనే ఆ బిరుదు సంపాదించి, ఆఫీసు మీటింగుల్లో నల్లగోరు కెమెరాకి కనపడకుండా కూర్చునేవాడు.

ఇలాంటి పాత సైనిక రైఫిళ్ళని అమెరికా పౌరులకి అమ్మడానికి సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్ అని ఒక సంస్థ ఉంది. బావ డాలస్ నుంచి అలబామాలోని ఆనిస్టన్ దాకా కారేసుకుని వెళ్ళి, వరసగా నిలబెట్టిన వాటిలోంచి పెళ్ళిచూపులంత సేపు చూసి ఒకటి ఎంచుకున్నాడు. అంతటితో ఆగి ఉంటే ఈ కథ లేదు. కొన్న తూటాలు దీనికి పడవనీ, తనే తయారు చేసుకుంటే పొదుపనీ గ్యారేజీలో బల్ల వేశాడు. పొదుపు కోసం ప్రెస్సు, డైలు, త్రాసు, టంబ్లరు, కొలిచే పరికరాలు కొన్నాడు. ఇంకా పొదుపు చేస్తే ఇల్లు అమ్మాలి అంది అక్క.

అక్క పురుడికి అమ్మా నాన్నా వచ్చింది సరిగ్గా ఆ రోజుల్లోనే. పిల్లని చూడ్డానికి నేనూ న్యూజెర్సీ నుంచి వెళ్ళాను.

నాన్న తెనాలిలో బంగారం పని చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. అమెరికాలో ఆయనకి చెయ్యడానికి పనేమీ లేదు. బావ గ్యారేజీలోకి పిలిచి బల్ల చూపించాడు.

"ఇక్కడ తూటాల మందు గ్రాముల్లో తూయరండీ మామయ్యగారూ, గ్రెయిన్లలో తూస్తారు. పౌండుకి 7000 గ్రెయిన్లు."

నాన్న రెప్ప కూడా ఆర్పకుండా, "తులానికి 180" అన్నాడు.

బావ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. నిజమే, 1833లో దొరలు తులాన్ని సరిగ్గా 180 గ్రెయిన్లకి కట్టేశారు. బల్ల మీద తూటా కొసన బిగించే గుళ్ళవి, 150 గ్రెయిన్ల డబ్బా ఒకటి, 180వి ఒకటి ఉన్నాయి. నాన్న రెండో డబ్బాలోంచి ఒక గుండు తీసి అరచేతిలో ఎగరేసి, "తులమే" అని తేల్చాడు.

"ఆ తులంవి వేరే తుపాకీకండీ. బరువు గుండూ, నిదానంగా మండే మందూ కలిస్తే దీని ఆపరేటింగ్ రాడ్డు, అంటే పేలగానే బోల్టుని వెనక్కి లాగే కడ్డీ, వంగిపోతుంది."

తులం మొయ్యలేనిదానికి ఇంత వైభోగమా అన్న ప్రశ్న నాన్న మొహంలో స్పష్టంగా కనపడింది. కాని అల్లుణ్ణి అనకూడదు. మా ఇంట్లో అల్లుడికి చెప్పదలచిన మాటలన్నీ నాకు చెబుతారు. ఆ గ్యారేజీలో నేను దుబాసీని.

పేలిన తూటాల ఇత్తడి కేసుల్ని ముందు శుభ్రం చెయ్యాలి. దానికి టంబ్లరని ఒక గిన్నె ఉంటుంది. అందులో పొడిచేసిన వాల్‌నట్ పెంకులు పోసి, కేసులు వేసి, మూత బిగించి, గంటల తరబడి కుదుపుతారు. పెంకులపొడి బావ పెంపుడు జంతువుల దుకాణంలో తెస్తాడు. బల్లులు పెంచేవాళ్ళు వాటికి పరుపుగా వేస్తారట. బల్లిని పెంచడమా అని అమ్మ ఒక పూటంతా ఆశ్చర్యపోయింది. ఆ దుమ్ములో ప్రైమర్ల (కేసు అడుగున ఉండి, దెబ్బ తగలగానే మందుకి నిప్పంటించే చిన్న గుల్లల) తాలూకు సీసం ఉంటుందని అక్క కఠినమైన మడి పెట్టింది. గ్యారేజీ నుంచి వచ్చినవాడు చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకుంటే తప్ప పిల్లని ముట్టుకోకూడదు. మా అమ్మమ్మ కాలం తర్వాత ఇంత మడి నేను చూడలేదు.

విచిత్రమేమిటంటే, గోడవతల టంబ్లరు రొద పెడుతున్నంతసేపూ పిల్ల హాయిగా నిద్రపోయేది. ఆపితే లేచేది. "అల్లుడుగారూ, ఇంకా మురికి ఉన్నట్టుంది, ఇంకో గంట వెయ్యండి" అని అమ్మ లోపలినుంచే అనేది. టెక్సాసులో అంతకన్నా మెరిసే ఇత్తడి ఉండి ఉండదు.

అసలు గొడవ శనివారం రాత్రి జరిగింది. మర్నాడు పొద్దున్నే తుపాకులు కాల్చే రేంజికి వెళ్ళాలి. పేలినప్పుడు కేసు ఉబ్బుతుంది, దాన్ని ప్రెస్సుకి బిగించిన డై అనే ఉక్కు అచ్చులోకి నొక్కి మళ్ళీ కొలతకి తేవాలి. దానికి ముందు కేసు ఒంటికి ప్రత్యేకమైన జిడ్డు రాయాలి. ఆ జిడ్డు సీసా అయిపోయింది. బావ అటూ ఇటూ చూసి, పాపకి రాసే కొబ్బరినూనె తెచ్చాడు.

నాన్న కుర్చీలోంచి నాతో అన్నాడు: "ఒరేయ్, కమ్మచ్చు బెజ్జంలోంచి తీగ లాగేటప్పుడు మైనం పెట్టకపోతే ఏమవుతుందో బావగారికి చెప్పు."

బావ నాకు రెండడుగుల దూరంలో, నాన్నకి మూడడుగుల దూరంలో ఉన్నాడు. "ఇది నూనేగా, సరిపోతుందని మామయ్యగారికి చెప్పు" అన్నాడు.

బావ ప్రెస్సు పిడి కిందికి దించాడు. కేసు కీచుమంటూ లోపలికి పోయింది. పిడి పైకెత్తాడు. రాలేదు. రెండు చేతులతో ఎత్తాడు. పిడి కింద భుజం పెట్టి లేచాడు. ఈసారి బల్లే లేచింది. బల్ల మీది త్రాసు, గరాటు, గుళ్ళ డబ్బాలు ఒక్కొక్కటే బయల్దేరి అంచుకి చేరుతున్నాయి. నేను బల్ల మీద కూర్చున్నాను. నాన్న మందు సీసా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. బావ ఆంజనేయస్వామిని తలుచుకుని మళ్ళీ లేచాడు. ఫట్‌మంది. కేసు అంచు చిరిగి, దాన్ని పట్టుకునే షెల్‌హోల్డరులో మిగిలింది, కేసు డైలో మిగిలింది, బావ సోనామసూరి బస్తాల మధ్య మిగిలాడు. ప్రైమర్ల పెట్టె బోర్లా పడి, నూరు చిన్న చిన్న ప్రైమర్లు గ్యారేజీ నాలుగు మూలలకీ దొర్లాయి. ఎవరూ కదలకండి, తొక్కితే పేలుతుంది అని బావ బస్తాల్లోంచి అరిచాడు. పిల్ల లేచింది.

టార్చి వేసుకుని ప్రైమర్లు ఏరడానికి అర్ధరాత్రి దాటింది. లెక్కకి ఒకటి తగ్గింది. అది అమ్మ చెప్పులో దొరికింది.

ఆ తర్వాత నాన్న లేచాడు. అల్లుడి అనుమతి నా ద్వారా తీసుకుని, డైని వైసులో బిగించి, మధ్యలో ఉన్న సూదికడ్డీ వెనక్కి తీయించి, కేసు అడుగున డ్రిల్లుతో బెజ్జం వేసి, బెజ్జానికి మరచుట్లు తీశాడు. పైన ఒక సాకెట్టు బోర్లించి, అందులోంచి బోల్టు దూర్చి, స్పానరుతో నెమ్మదిగా తిప్పుతూ పోయాడు. బోల్టు బిగుస్తున్నకొద్దీ కేసు మారు మాట్లాడకుండా బయటికొచ్చింది. ఇదే పనికి ఒక కిట్టు అమ్ముతారట, అదొక్కటే బావ కొనలేదు. బల్ల మీద రాలిన ఇత్తడి రజనంతా నాన్న కుంచెతో ఊడ్చి పొట్లం కట్టి జేబులో వేసుకున్నాడు. ఇత్తడి నాన్నా అన్నాను. నాకు తెలీదుట్రా అన్నాడు, పొట్లం మాత్రం తియ్యలేదు.

అప్పుడు అక్క గుమ్మంలోంచి ఒక ట్యూబు విసిరింది. బాలింతలు రాసుకునే లానోలిన్ క్రీము. గొర్రె ఉన్నిలోంచి తీసిన మైనం అది. బావ ఖాళీ జిడ్డు సీసా తిప్పి చదివితే, అందులోనూ మొదటి పేరు లానోలినే. నాన్న ఏమీ అనలేదు. నాతో కూడా అనలేదు. కుర్చీ బల్ల ముందుకి జరుపుకుని తనే కూర్చున్నాడు.

అక్కణ్ణుంచి బావ అందించేవాడయ్యాడు. క్రీము ఎక్కువైతే కేసు భుజం సొట్టపడుతుందని నాన్న రెండో కేసుకే కనిపెట్టాడు. గారండులో ఫైరింగ్ పిన్ను వదులుగా ఉంటుంది, బోల్టు మూసుకున్నప్పుడల్లా వెళ్ళి ప్రైమరుని చిన్నగా తాకుతుంది. ప్రైమరు ఏమాత్రం పైకి తేలి ఉన్నా ట్రిగ్గరు నొక్కకుండానే పేలొచ్చు. ఇది విన్నాక నాన్న ప్రతి కేసు అడుగునా వేలికొసతో తడిమి, నచ్చనివి పక్కన పెట్టాడు. బావకి నచ్చినవాటిలో సగం నాన్నకి నచ్చలేదు.

మధ్యలో ఒకసారి, ఇది కనిపెట్టినాయనకి ఎంత ముట్టిందిరా అని అడిగాడు. జాన్ గారండ్ ప్రభుత్వ ఆయుధాగారంలో ఉద్యోగి, పేటెంటు హక్కులు ప్రభుత్వానికే రాసిచ్చాడు. లక్ష డాలర్లు ఇద్దామని కాంగ్రెసులో బిల్లు పెట్టారు గాని గట్టెక్కలేదు. బావ ఇదంతా చెప్పాడు. "పనివాడికి మజూరీ ఎగ్గొట్టారన్నమాట" అన్నాడు నాన్న. ఆ రాత్రంతా ఆయన మాట్లాడిన వాటిలో అల్లుడి మొహంలోకి చూసి అన్న మాట అదొక్కటే.

మర్నాడు రేంజిలో తూటాలన్నీ బుద్ధిగా పేలాయి. ఖాళీ కేసులు కుడివైపు ముందుకి ఎగిరి గడ్డిలో పడ్డాయి, గీత దాటినవి రేంజివాళ్ళవే అని బోర్డు ఉంది. బావ ఆ బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డాడు.

వచ్చే నెల వాళ్ళందరూ మా ఇంటికి వస్తున్నారు. న్యూజెర్సీ తుపాకీ చట్టాలతో పెట్టుకోలేక రైఫిలు డాలస్‌లోనే ఉంచేస్తున్నారు. అక్క మాత్రం ఒక్క తూటా మొహం కూడా ఎరగని కొత్త టంబ్లరు నా చిరునామాకి ఆర్డరు పెట్టింది. అందులో పొయ్యడానికి ఏ బియ్యమైతే నిద్ర బాగా పడుతుందో అమ్మ ఫోనులో చెబుతోంది.